చర్చ: కాన్ఫరెన్స్ టోర్నీ పిక్స్ – బ్రాకెట్ మొత్తం ముందే లాక్ చెయ్యాలా, ఏ రోజువి ఆ రోజు ఇవ్వాలా?

షార్లెట్ శీను:
మార్చిలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగు) టోర్నీలకి పన్నెండుమంది స్నేహితుల మధ్య పిక్స్ పోటీ, అంటే ఏ గేము ఎవరు గెలుస్తారో ముందే చెప్పే పోటీ, పెడుతున్నాం. డబ్బు లేదు, చివరి ముగ్గురు మిగతావాళ్ళకి బిర్యానీ పెట్టించాలి. ఐదు కాన్ఫరెన్సులు తీసుకున్నాం: ఏసీసీ, బిగ్ టెన్, బిగ్ 12, ఎస్ఈసీ, బిగ్ ఈస్ట్. 2025 ఫార్మాట్ ప్రకారం ఏసీసీకి, బిగ్ టెన్‌కి 15 జట్ల చొప్పున, బిగ్ 12కి, ఎస్ఈసీకి 16 చొప్పున, బిగ్ ఈస్ట్‌కి 11. ఒక్కసారి ఓడితే ఇంటికే కాబట్టి గేములు 14+14+15+15+10, మొత్తం 68.

తగాదా ఇక్కడ. సగంమంది బ్రాకెట్ (ఫైనల్ దాకా ఎవరితో ఎవరు ఆడతారో చూపే పట్టిక) అంతా మొదటి గేముకి ముందే నింపి లాక్ చెయ్యాలంటున్నారు, అంటే తర్వాత మార్చకూడదు. మిగతా సగం ఏ రోజు గేములకి ఆ రోజు పిక్స్ చాలంటున్నారు. పాయింట్లు రౌండ్ల వారీగా 1-2-4-8-16 అనుకున్నాం. ఇద్దరు హైదరాబాద్ నుంచి ఆడతారు. మీరేమంటారు?

కారీ కృష్ణ:
లాక్. ఇంకో మాటే లేదు. రోజువారీ పిక్స్‌లో జరిగేది ఒకటే: పొద్దున్నే బెట్టింగ్ లైన్ (ఎవరు ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారన్న పందెం సంస్థల అంచనా) చూసి అందరూ ఫేవరెట్‌నే కొడతారు. పన్నెండుమందికీ 68లో అరవై పిక్స్ ఒకేలా ఉంటే అది పోటీ కాదు, హాజరు పట్టీ.

లాక్ బ్రాకెట్‌లో దారి చదవాలి. ఎవరికి డబుల్ బై (మొదటి రెండు రౌండ్లు ఆడకుండా నేరుగా క్వార్టర్స్) ఉంది, ఎవరి సగంలో బలమైన జట్లు ఇరుక్కున్నాయి, మూడో రోజుకి ఎవరి కాళ్ళు లాగేస్తాయి – ఇదంతా ముందే తూచాలి. 2024 ఏసీసీ తీసుకోండి. పదో సీడ్ (లీగులో స్థానాన్ని బట్టి ఇచ్చే ర్యాంకు) ఎన్సీ స్టేట్ ఐదు రోజుల్లో ఐదు గెలిచింది: లూయివిల్, సిరక్యూస్, డ్యూక్, వర్జీనియా, చివరికి నార్త్ కరొలైనా మీద 84-76. మంగళవారం మధ్యాహ్నం ఆ పేరు రాసినవాడిది జోస్యం. నాలుగు చూశాక శనివారం రాసినవాడిది కామెంటరీ.

ఫ్రిస్కో బాబాయ్:
కృష్ణా, ఆ మంగళవారం ఆ పేరు రాసేవాడు పన్నెండుమందిలో ఎవడయ్యా? నీ లాక్ బ్రాకెట్‌లో ఆ వారం అందరూ సమానంగా మునిగేవాళ్ళు. గురువారం రాత్రి డ్యూక్, శనివారం కరొలైనా ఓడితే ఎవరి కాగితం మీదా విజేత మిగలదు.

మార్చ్ మ్యాడ్‌నెస్‌లో (కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నడిపే జాతీయ టోర్నీలో) 64 జట్ల బ్రాకెట్ మూడు వారాలు సాగుతుంది కాబట్టి సగం చచ్చినా చూడ్డానికి ఏదో ఉంటుంది. ఇది ఐదు రోజుల పండగ. గురువారమే మనం రాసిన ఛాంపియన్ ఓడిపోతే శుక్ర, శని, ఆదివారాలు వాట్సాప్ గ్రూపు మ్యూట్ చేసుకుని కూర్చుంటారు.

ఇంకోటి, గాయాలు. 2025లో డ్యూక్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్‌కి జార్జియా టెక్‌తో క్వార్టర్స్‌లో చీలమండ మెలిపడింది. సెమీస్, ఫైనల్ రెండూ ఆడలేదు. దేశంలోనే మేటి ఆటగాడు బెంచీ మీదున్నాడని తెలిశాక శుక్రవారం ఎవరిని ఎంచుకోవాలన్నది అసలు సిసలు ప్రశ్న. లాక్ పెడితే ఆ ప్రశ్నే ఎవరికీ రాదు. ఆలూ లేదు చూలూ లేదు, సోమవారమే విజేత పేరా?

కారీ కృష్ణ:
బాబాయ్, ఫ్లాగ్ లేకుండానే డ్యూక్ ఫైనల్లో లూయివిల్‌ని 73-62తో కొట్టింది. గాయం చూసి పిక్ మార్చుకున్నవాడు రెండు గేములూ పోగొట్టుకునేవాడు. ఆ జట్టు లోతు ముందే తెలిసినవాడికి నష్టం లేదు.

లెక్కల లలిత:
ఇద్దరూ లాక్ గురించి కొట్టుకుంటున్నారు గానీ అసలు తప్పు శీను గారి పాయింట్లలో ఉంది. 1-2-4-8-16 ఎక్కణ్ణించి వచ్చింది? 64 జట్ల బ్రాకెట్ నుంచి. అక్కడ ప్రతి రౌండులో గేములు సగమవుతాయి: 32, 16, 8, 4, 2, 1. పాయింట్లు రెట్టింపు చేస్తే ప్రతి రౌండు విలువా సరిగ్గా 32. మొత్తం 192. ఛాంపియన్ దారి పూర్తిగా పట్టినవాడికి అందులో 63, అంటే 33 శాతం.

ఏసీసీలో గేములు సగమవ్వవు. బైల వల్ల 3, 4, 4, 2, 1. పాత లెక్కే పెడితే రౌండ్ల విలువ 3, 8, 16, 16, 16, మొత్తం 59. ఒకటో సీడ్ నేరుగా క్వార్టర్స్‌లో దిగుతుంది. అది గెలుస్తుందని రాసినవాడికి మూడు గేముల్లోనే 4+8+16, అంటే 28. దాదాపు 47 శాతం! మంగళ, బుధవారాల ఏడు గేములూ కలిపితే 11. ఆ రెండు రోజులూ ఎవరూ పిక్స్ పెట్టకపోయినా పెద్ద తేడా రాదు.

పైగా 2025లో ఈ ఐదు కాన్ఫరెన్సుల విజేతలు డ్యూక్, మిషిగన్, హ్యూస్టన్, ఫ్లోరిడా, సెయింట్ జాన్స్. ఐదూ క్వార్టర్స్ దాకా బై ఉన్నవే, మూడేసి గేములతో కప్పు కొట్టినవే. ఎన్సీ స్టేట్ కథలు అందరికీ గుర్తుంటాయి. 2011లో కెంబా వాకర్ ఆడిన యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) కూడా తొమ్మిదో సీడ్‌తో ఐదు రోజుల్లో ఐదు గెలిచింది. అలాంటివి అరుదు కాబట్టే గుర్తుంటాయి.

లాక్ పెట్టుకోవాలంటే 1-1-2-3-5 పెట్టండి. రౌండ్లకి 3, 4, 8, 6, 5, మొత్తం 26. ఒకటో సీడ్ దారి 10, అంటే 38 శాతం. రోజువారీ అయితే రౌండు ఏదైనా గేముకి ఒకటే పాయింటు. గేము ముందు రోజు ఫైనలిస్టులిద్దరూ తెలిసిపోయాక ఫైనల్ పిక్‌కి 16 ఇవ్వడంలో అర్థం లేదు, అది బొమ్మా బొరుసే.

ఎడిసన్ రాజు:
లలిత గారి లెక్క బాగుంది. దానికి అప్‌సెట్ బోనస్ కూడా కలపండి. తక్కువ సీడ్ గెలిస్తే రెండు సీడ్ల తేడా ఎంతో అన్ని పాయింట్లు అదనం. అప్పుడు అందరూ ఫేవరెట్‌నే కొట్టరు, కృష్ణ గారి బెంగ తీరుతుంది.

లెక్కల లలిత:
రాజు గారూ, ఆ బోనస్ ఎన్ని పోటీలని పాడు చేసిందో! రెండో సీడ్ మీద ఏడో సీడ్ క్వార్టర్స్ అనుకోండి. ఏడో సీడ్‌కి నాలుగింట ఒక వంతు అవకాశం ఉందనుకుందాం. గేముకి 2 పాయింట్లు, తేడా 5. ఫేవరెట్ పిక్ సగటు విలువ 2లో ముప్పాతిక, అంటే 1.5. ఏడో సీడ్ పిక్ విలువ 7లో పావు, 1.75. ఓడే జట్టుని ఎంచుకోవడమే లాభం! రెండో రోజుకల్లా ఇది అందరూ కనిపెట్టేస్తారు. ఆ తర్వాత బాస్కెట్‌బాల్ తెలియనివాడు కూడా కళ్ళు మూసుకుని చిన్న సీడ్లు రాసుకుంటూ పోతాడు.

ఎన్సీ స్టేట్‌నే తీసుకోండి. సిరక్యూస్ ఏడో సీడ్, డ్యూక్ రెండు, వర్జీనియా మూడు, కరొలైనా ఒకటి. బోనస్ 3+8+7+9, అంటే 27. టోర్నీ అంతా తప్పు లేకుండా చెప్పినవాడికి వచ్చేదే 26.

సీడ్ కూడా బలానికి నమ్మకమైన కొలత కాదు. ఏసీసీ లాంటి 18 జట్ల లీగులో (2025 టోర్నీకి వచ్చింది అందులో 15) అందరూ అందరితో సమానంగా ఆడరు. ఒకరికి బలమైనవాళ్ళతో రెండేసి గేములు పడితే ఇంకొకరికి బలహీనులతో పడతాయి. నాలుగు, ఐదు సీడ్ల మధ్య తేడా చాలాసార్లు టై-బ్రేకర్ పుణ్యమే. బోనస్ కావాలనే అంటే తేడా నాలుగు దాటితే ఒక్క పాయింటు, అంతే. అప్పుడు పై లెక్కలో ఏడో సీడ్ విలువ 3లో పావు, 0.75. నిజంగా నమ్మినవాడే రాస్తాడు.

ఎడిసన్ రాజు:
సరే, ఒక్క పాయింటే. కానీ 27 ఇచ్చినా తప్పేముందండీ, అది మంగళవారం చెప్పినవాడు దేవుడు.

హైదరాబాద్ నైట్‌షిఫ్ట్:
రోజువారీ పెడితే టైము సంగతి ముందే తేల్చండి. అమెరికాలో గడియారం మార్చేది మార్చి రెండో ఆదివారం. సరిగ్గా ఈ టోర్నీల వారానికి ముందు. శనివారం దాకా ఈస్టర్న్ టైముకీ మాకూ పదిన్నర గంటల తేడా, ఆదివారం నుంచి తొమ్మిదిన్నర. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

మధ్యాహ్నం పన్నెండు గేము మాకు రాత్రి తొమ్మిదిన్నర. అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి మొదలయ్యే చివరి గేము మాకు మర్నాడు పొద్దున ఏడు. అది అర్ధరాత్రి దగ్గర పడ్డాక గానీ మర్నాటి జోడీలు తేలవు. మాకు పగలంతా ఉంది, కాలిఫోర్నియావాళ్ళకే ఇబ్బంది: వాళ్ళకి గడువు పొద్దున తొమ్మిది. కాబట్టి రోజుకి ఒకే గడువు, ఆ రోజు ఐదు కాన్ఫరెన్సుల్లో మొట్టమొదటి గేము మొదలయ్యే వేళ. గేము గేముకీ వేరే గడువు పెడితే మధ్యాహ్నం గేములు చూస్తూ రాత్రివి మార్చుకునేవాడికి, ఆఫీసు మీటింగులో ఉన్నవాడికి పొంతనే ఉండదు.

పిక్స్ వాట్సాప్ పోల్‌లో వద్దు. ఎవరు ఏది నొక్కారో అందరికీ కనబడుతుంది, ఓటు మార్చుకోవచ్చు కూడా. మామూలు మెసేజ్ అయినా పదిహేను నిమిషాల దాకా ఎడిట్ అవుతుంది. గూగుల్ ఫారం పెట్టి, షీటు సెట్టింగుల్లో టైమ్ జోన్ ఈస్టర్న్‌కి మార్చండి. గడువుకి ఫారం మూయడం మర్చిపోయినా టైమ్‌స్టాంపు చూసి తీసెయ్యొచ్చు. ఒకే మనిషి రెండుసార్లు పంపితే గడువు లోపల చివరిది లెక్క, ఇది ముందే రాసి పెట్టండి.

నియమాల నాని:
రాసి పెట్టాల్సినవి ఇంకా ఉన్నాయి. అన్నీ నిజంగా జరిగినవే.

గేము జరగకుండా జట్టు ముందుకెళ్ళడం: 2021 ఏసీసీలో కోవిడ్ వల్ల డ్యూక్ క్వార్టర్స్ నుంచి, వర్జీనియా సెమీస్ నుంచి తప్పుకున్నాయి. ఫ్లోరిడా స్టేట్, జార్జియా టెక్ ఆడకుండానే పైకెళ్ళాయి, ఫైనల్లో టెక్ 80-75తో గెలిచింది. రోజువారీ పద్ధతిలో ఆ గేములు రద్దు, ఎవరికీ పాయింటు లేదు. లాక్ పద్ధతిలో అంత సులువు కాదు. టెక్ ఫైనల్‌కి వస్తుందని రాసినవాడిది తప్పెలా అవుతుంది? నా మాట: ముందుకెళ్ళిన జట్టుకి పాయింటు ఇవ్వాలి.

టోర్నీయే ఆగిపోవడం: 2020 మార్చి 12న బిగ్ ఈస్ట్‌లో సెయింట్ జాన్స్, క్రైటన్ గేము హాఫ్‌టైములో ఆపేశారు. అలా జరిగితే పూర్తయిన గేములే లెక్క.

షెడ్యూలు మారిపోవడం: 2008లో అట్లాంటాలో టోర్నడో వచ్చి ఎస్ఈసీ గేములు జార్జియా టెక్ జిమ్‌కి మార్చారు. జార్జియా శనివారం ఒక్కరోజే రెండు గేములు గెలిచి, ఆదివారం కప్పు కొట్టింది. రోజుకో గడువు అనే నియమం అక్కడ విరిగిపోతుంది. రెండో గేముకి, ప్రత్యర్థి తేలాక, విడిగా గడువు ఇవ్వాలి.

చిన్న కాన్ఫరెన్సులు కలిపితే ఇంకో చిక్కు. 2023లో ఎన్ఈసీ అనే చిన్న కాన్ఫరెన్సు టోర్నీ మెరిమాక్ గెలిచింది గానీ ఆ కాలేజీకి కింది స్థాయి నుంచి డివిజన్ 1కి (పై స్థాయికి) మారే గడువు తీరలేదు, కాబట్టి విజేతకి దక్కాల్సిన ఎన్‌సీఏఏ (మార్చ్ మ్యాడ్‌నెస్) బెర్త్‌తో ఫెయిర్లీ డికిన్సన్ వెళ్ళింది. విజేత అంటే కప్పు ఎత్తినవాళ్ళా, బెర్త్ దక్కినవాళ్ళా? కప్పు అని రాసుకోండి. అలాంటి లీగుల్లో ప్రతి రౌండు తర్వాత జోడీలు మళ్ళీ సీడ్ల ప్రకారం మార్చేవి కూడా ఉన్నాయి, వాటికి లాక్ బ్రాకెట్ గీయడమే కుదరదు.

టై-బ్రేకర్: ఆడేవాళ్ళలో ఇద్దరు సమానమైతే తేల్చడానికి ఫైనల్లో రెండు జట్ల మొత్తం పాయింట్లు ఊహించమంటారు. ఓవర్‌టైము కలుపుతారో లేదో చెప్పండి. 2009 బిగ్ ఈస్ట్ క్వార్టర్స్‌లో సిరక్యూస్, యూకాన్ 71-71 దగ్గర ఉండగా ఆరు ఓవర్‌టైములు ఆడి 127-117 దగ్గర ఆగాయి. అంటే 142 కాస్తా 244 అయింది.

చివరిగా, మీలో ఎవరైనా యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగానో, డేటా పనిలోనో ఉంటే వాళ్ళని కలపకండి. ఎన్‌సీఏఏ పందెం నియమాలు వాళ్ళకీ వర్తిస్తాయి. బిర్యానీ కూడా బహుమతే అని ఎవరైనా అంటే వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఫ్రిస్కో బాబాయ్:
నాని చెప్పిన ప్రతి తంటాలో లాక్‌కే ఎక్కువ మెలికలు పడ్డాయి, గమనించారా?

లెక్కల లలిత:
రెండూ కలపండి. మొదటి గేముకి ముందు ప్రతి కాన్ఫరెన్సుకీ ఫైనలిస్టులు ఇద్దరు, విజేత – ఈ మూడే లాక్. ఫైనలిస్టు ఒక్కొక్కరికి 2, విజేత సరైతే ఇంకో 2. కాన్ఫరెన్సుకి 6, ఐదింటికి 30. దాని పక్కన రోజువారీ 68 గేములకి గేముకి 1. మొత్తం 98లో లాక్ వాటా మూడో వంతు లోపే. గురువారం ఛాంపియన్ పోయినవాడికి ఇంకా ఆట మిగులుతుంది, సోమవారమే దారి చదివినవాడికి ఫలితమూ ఉంటుంది. సీడ్ బోనస్ వద్దు, రాజు గారి కోసం ఫైనలిస్టుల్లో ఎనిమిదో సీడ్ లేదా అంతకన్నా కిందిది ఉంటే 2కి బదులు 4 ఇద్దాం.

కారీ కృష్ణ:
మూడో వంతు తక్కువ. విజేతకి 2 కాదు, 4 ఇవ్వండి. అప్పుడు లాక్ 40, రోజువారీ 68. దానికి ఒప్పుకుంటా. కానీ రోజువారీలో ఫేవరెట్ల మంద సంగతి ఎవరూ తేల్చలేదు.

ఫ్రిస్కో బాబాయ్:
68 గేముల్లో బెట్టింగ్ లైన్ మూడు పాయింట్ల లోపు ఉండేవి బోలెడుంటాయి. ఎనిమిది-తొమ్మిది సీడ్ల గేములకి లైన్ చూసినా ఒరిగేదేమీ లేదు. తేడా అక్కడే వస్తుంది, చూడు.

షార్లెట్ శీను:
లలిత గారి పద్ధతి, కృష్ణ అడిగిన 4తో: లాక్ 40, రోజువారీ 68, మొత్తం 108. ఎనిమిదో సీడ్ నియమం కూడా ఉంటుంది, అది పడితే ఆ 2 అదనం. గడువు రోజుకి ఒకటి, ఫారం, షీటు ఈస్టర్న్ టైములో. ఆడకుండా ముందుకెళ్తే రోజువారీ పిక్ రద్దు, లాక్‌కి లెక్క. టై-బ్రేకర్ బిగ్ టెన్ ఫైనల్ మొత్తం పాయింట్లు, ఓవర్‌టైముతో కలిపి. ఏసీసీ, బిగ్ 12, బిగ్ ఈస్ట్ ఫైనల్స్ శనివారమే అయిపోతాయి. ఆదివారం ఎస్ఈసీ తర్వాత, సెలెక్షన్ షోకి (మార్చ్ మ్యాడ్‌నెస్ జట్లు ప్రకటించే టీవీ కార్యక్రమానికి) ముందు మన ఐదింటిలో ఆఖరున జరిగేది బిగ్ టెన్ ఫైనలే కాబట్టి. ఆ ఊహ మాత్రం మంగళవారమే ఇవ్వాలి, శనివారం కాదు.

కారీ కృష్ణ:
అంటే టై-బ్రేకర్ లాక్ అన్నమాట. సరే.