సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా చేస్తూ కాన్పు క్లాసులు చెప్పడం కుదురుతుందా?

ఫ్రిస్కో కోడలు:

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్యాభర్తల్లో కొందరికిచ్చే పని అనుమతి కార్డు) మీద ఇక్కడి స్కూళ్లలో సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా, అంటే సెలవు పెట్టిన టీచర్ల బదులు, వెళ్తున్నాను, ఎక్కువగా ఎలిమెంటరీకి. పోయినేడాది మా బాబు పుట్టాడు, ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు) లేకుండా నార్మల్ డెలివరీ. ఆ సంగతి ఎలా పాకిందో గానీ, మా అపార్ట్‌మెంట్లలో కడుపుతో ఉన్న తెలుగువాళ్లంతా నాకే ఫోన్ చేస్తున్నారు. "నొప్పులు ఎలా తట్టుకున్నావ్? మా ఆయనకి కూడా కాస్త చెప్పవా?" అని.

లమాజ్ (జంటల్ని కాన్పుకి సిద్ధం చేయడం నేర్పే సంస్థ) సర్టిఫికేషన్ చేసి తెలుగు జంటలకి పద్ధతిగా క్లాసులు చెప్పాలని ఉంది. కానీ పొద్దున ఐదున్నరకి ఏ స్కూల్లో ఖాళీ ఉందో చెప్పే యాప్ మోగితే లేచి పరుగెత్తే ఉద్యోగం నాది. కొందరు డౌలాగా (కాన్పు అయ్యేదాకా పక్కనుండి ధైర్యం చెప్పే మనిషిగా) కూడా రమ్మంటున్నారు. మా అత్తగారేమో "డాక్టర్లుండగా మధ్యలో నువ్వెందుకు, రేపు ఏదన్నా అయితే నీ మీదకొస్తుంది" అంటున్నారు. రెండూ చేస్తున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? అసలు క్లాసులో ఏం చెప్తారు?

రారిటన్ ఒడ్డు:

కుదురుతుందండీ. నేను న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర, కొన్నేళ్లుగా ఈ రెండూ చేస్తున్నాను. మాది తెనాలి. అక్కడ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, ఇక్కడికొచ్చాక సబ్‌నయ్యాను.

ముందు డౌలా సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాన్ని బట్టే ఉంటాయి. క్లాసు చెప్పేవాళ్లు కాన్పు గదికి వెళ్లక్కర్లేదు. డౌలా వెళ్లాలి. అర్ధరాత్రి పిలిచినా వెళ్లాలి, రోజున్నర పట్టినా ఉండాలి. 38వ వారం నుంచి బిడ్డ పుట్టేదాకా ఫోన్ చేతిలోనే. పొద్దున ఒప్పుకున్న క్లాసుని ఎనిమిదింటికి వదిలేస్తే ఆ స్కూలు సెక్రటరీ మళ్లీ మిమ్మల్ని పిలవదు. మూడో తరగతి పిల్లల్ని గదిలో వదిలేసి మధ్యలో లేచి రావడం ఎలాగూ కుదరదు. అందుకే నేను డౌలా పని పెట్టుకోలేదు. మొదటి రోజే జంటలకి చెప్పేస్తాను: బడి టైంలో నా ఫోన్ సంచిలో ఉంటుంది, నొప్పులు మొదలైతే ఫోన్ చేయాల్సింది మీ డాక్టర్ ఆఫీసుకి, నాకు కాదు.

క్యాలెండర్ మాత్రం మనకి బాగా కలిసొస్తుంది. ఈ దేశంలో జూలై నుంచి సెప్టెంబర్ దాకా కాన్పులు ఎక్కువ. ఏడో నెల దాటాక క్లాసులకొస్తారు కాబట్టి మే, జూన్, జూలైలోనే గిరాకీ. మీకు మే చివరికే స్కూళ్లు మూస్తారు, సబ్ డబ్బులు ఆగిపోయేదీ అప్పుడే. నాకు జూన్ మూడో వారం దాకా బడి ఉంటుంది, అప్పుడే కాస్త ఇరుకున పడతాను. శనివారం క్లాసు పెట్టకండి. శుక్రవారాలు టీచర్లు ఎక్కువగా సెలవు పెడతారు కాబట్టి మనకి పని తప్పకుండా ఉంటుంది. మిడిల్ స్కూల్లో రోజంతా అరిచాక మర్నాడు పొద్దున గొంతు పెగలదు. నాది ఆదివారం మధ్యాహ్నం. లాంగ్ టర్మ్ సబ్ పనులు డబ్బుకి మంచివే, కానీ పేపర్లు దిద్దడం, పాఠాలు తయారుచేయడం సాయంత్రాలన్నీ తినేస్తాయి. బ్యాచ్ నడుస్తున్నప్పుడు ఒప్పుకోను. (ఆ లాంగ్ టర్మ్ ఖాళీల్లో చాలా భాగం ఏ టీచరో కాన్పుకి వెళ్లడం వల్ల వచ్చేవే. ఒకావిడ తన క్లాసు నాకు అప్పగిస్తూ, స్టాఫ్ రూంలో గంటసేపు నా దగ్గరే ఊపిరి తీయడం నేర్చుకుని వెళ్లింది.)

ఇక క్లాసులో ఏం చెప్పాలన్నది. లమాజ్ అనగానే మనవాళ్లకి సినిమాల్లో ఆ "హీ హీ హూ" గుర్తొస్తుంది. ఇప్పుడు ఆ సంస్థ చెప్పేవి ఆరు పద్ధతులు: కారణం లేకుండా నొప్పులు తెప్పించుకోకపోవడం, కాన్పు సమయంలో నడవడం, కదలడం, తోడు మనిషి ఉండటం, అవసరం లేని జోక్యాలు వద్దనడం, వెల్లకిలా పడుకుని కాకుండా ఒళ్లు చెప్పినట్టు ముక్కడం, బిడ్డని తల్లి దగ్గరే ఉంచడం. ఇవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. మన జంటలతో అసలు చిక్కు వేరే చోట ఉంది.

మొదటి క్లాసులో నేను ఒకటే అడుగుతాను: మీ ఇంట్లో నొప్పులు పడి కన్నవాళ్లు ఎవరు? చాలామంది ఆలోచించి ఆలోచించి "అమ్మమ్మ" అంటారు. అక్కకి ఆపరేషన్, వదినకి ఆపరేషన్, పిన్ని కూతురికి ముహూర్తం చూసి ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రాలో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5. అలాంటి ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయికి నొప్పులు ఎలా మొదలవుతాయో, మధ్యలో ఎలా ఆగుతాయో చెప్పేవాళ్లే లేరు. అందుకని హోంవర్క్ ఇస్తాను: అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేసి, ఎక్కడ మొదలైంది, పక్కన ఎవరున్నారు, ఏం తిన్నారు, తాతయ్య ఎక్కడున్నారు అని అడగమని. ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మది ప్రకాశం జిల్లా. దూలానికి వేలాడదీసిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చుని కన్నానని చెప్పిందట. ఇక్కడ హాస్పిటల్‌లో అడిగితే మంచానికి స్క్వాట్ బార్ తగిలిస్తారు, దాని పని కూడా అదే. ఆ పిల్ల మర్నాటి నుంచి రోజూ గొంతుక్కూర్చోవడం మొదలెట్టింది.

తర్వాత ఐస్ ముక్క. భార్యాభర్తలిద్దరూ గుప్పిట్లో నిమిషం పాటు పట్టుకోవాలి. మొదటిసారి ఊరికే. రెండోసారి నెమ్మదిగా ఊపిరి వదులుతూ, పక్కవాళ్లు మెల్లగా మాట్లాడుతుంటే. తేడా వాళ్లకే తెలుస్తుంది. భర్తల చేతులకి కూడా పని నేర్పాలి: నడుము కింద ఎముక మీద అరచేతి మొదలుతో గట్టిగా నొక్కి పట్టడం, రెండు తుంటి ఎముకలనీ పక్కల నుంచి లోపలికి అదమడం. మనవాళ్లు సుతారంగా రాస్తారు, అది చాలదు.

నేను ఎక్కువ సమయం పెట్టేది మాత్రం అడగడం మీద. మనం డాక్టర్ ముందు సరే సరే అని తలూపుతాం, కార్లో కూర్చున్నాక "అదేంటి, ఎందుకన్నారు?" అనుకుంటాం. నేను డాక్టర్ వేషం వేసి, హడావుడిగా గదిలోకి వచ్చి "వాటర్ బ్రేక్ చేసేద్దాం" (ఉమ్మనీటి సంచి చిట్లించేద్దాం) అంటాను. భర్త అప్పుడు ఇంగ్లీషులో నోరు తెరిచి అడగాలి: దీనివల్ల లాభమేంటి, రిస్కేంటి, వేరే దారి ఉందా, గంట ఆగితే ఏమవుతుంది? ఆఫీసులో పెద్ద పెద్ద మీటింగులు నడిపేవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. మూడు నాలుగు సార్లు చేయిస్తే గానీ నోరు తిరగదు.

బర్త్ ప్లాన్ (కాన్పులో మనకేం కావాలో హాస్పిటల్‌కి రాసిచ్చే కాగితం) రాసేటప్పుడు నా సబ్ అనుభవం పనికొస్తుంది. టీచర్ బల్ల మీద పెట్టి వెళ్లిన లెసన్ ప్లాన్ ఐదు పేజీలుంటే మనం చదవం. ఒక పేజీలో, ముఖ్యమైనవి పైన ఉంటే చదువుతాం. ఫైర్ డ్రిల్ మోగితే దాన్నీ పక్కన పెడతాం. నర్సు పరిస్థితీ అంతే. అందుకని ఒకే పేజీ, అందులో కింద "సిజేరియన్ అయితే" అని నాలుగు లైన్లు: పక్కన ఎవరుండాలి, బిడ్డని ఎప్పుడు గుండెల మీద పెట్టాలి, పాలు ఎప్పుడు పట్టాలి. ఆ నాలుగు లైన్లు రాయనివ్వని జంటలుంటారు, అపశకునమని. నేను రాయించే పంపిస్తాను.

"నా క్లాసుకొస్తే నార్మల్ గ్యారంటీ" అని మాత్రం ఎప్పుడూ అనకండి. వాట్సాప్‌లో అలాంటి ప్రకటనలు చూస్తే ఒళ్లు మండుతుంది. మీ అత్తగారి భయానికి జవాబు కూడా అదే: మందు చెప్పొద్దు, స్కాన్ రిపోర్ట్ చూసి అభిప్రాయం ఇవ్వొద్దు, మాట ఇవ్వొద్దు.

రెండో షిఫ్ట్ నర్సు:

పైన చెప్పినవన్నీ బాగున్నాయి. లేబర్ అండ్ డెలివరీలో పనిచేస్తాను, కొన్ని కలుపుతాను.

తొలి కాన్పువాళ్లు మరీ తొందరగా వచ్చేస్తారు. సాధారణంగా చెప్పేది: ఐదు నిమిషాలకొక నొప్పి, ఒక్కోటి నిమిషం పాటు, అలా గంటసేపు ఉంటే బయల్దేరమని. మీ డాక్టర్ వేరేగా చెప్తే అదే వినండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలిక తగ్గినా మాత్రం ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే ఫోన్ చేయాలి. 2014 నుంచి అమెరికన్ ప్రసూతి వైద్యుల సంఘం అసలు నొప్పుల దశని గర్భాశయ ముఖం 6 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి లెక్కపెట్టమంటోంది. 4 దగ్గర ఆగిందని ఏడ్చే అమ్మాయిలకి ఈ ఒక్క మాట తెలిసుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇండక్షన్ (నొప్పులు తెప్పించడం) గురించి ఒకవైపే చెప్పకండి. 2018లో వచ్చిన ఎరైవ్ అనే అధ్యయనంలో, ఇబ్బందులేవీ లేని తొలి కాన్పు తల్లుల్లో 39వ వారంలో నొప్పులు తెప్పించినవాళ్లకి 18.6 శాతం, ఆగినవాళ్లకి 22.2 శాతం సిజేరియన్లయ్యాయి. ఇండక్షన్ అంటేనే ఆపరేషన్ అని భయపెట్టడం సరికాదు. మనవాళ్లలో గర్భిణీ షుగర్ ఎక్కువ, వాళ్లలో చాలామందికి ఆ మాట ఎలాగూ వస్తుంది. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లు ఓడిపోయినట్టు కూడా మాట్లాడకండి.

క్లాసులో ఇవి అడగమనండి: నాకు రిస్క్ లేదు కదా, బిడ్డ గుండె చప్పుడు చూసే మానిటర్ మధ్యమధ్యలో పెట్టొచ్చా? సెలైన్ ఎక్కించకుండా సూది మాత్రం పెట్టి ఉంచుతారా? నడవడానికి వైర్‌లెస్ మానిటర్ ఉందా? ముందే అడిగితే మేం చాలావరకు చేస్తాం.

కొత్త నాన్న:

షార్లెట్ నుంచి. మేం హాస్పిటల్ వాళ్ల క్లాసుకి వెళ్లాం. వీడియో వేసినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను, దాచేదేముంది. నాకు బాగా పనికొచ్చింది ఏం మాట్లాడకూడదో చెప్పడం. నొప్పి మధ్యలో ప్రశ్నలు వేయొద్దన్నారు, "ఇంకెంత సేపు" అనే మాట అసలే వద్దన్నారు. మా ఆవిడ ఏడు సెంటీమీటర్ల దగ్గర ఎపిడ్యూరల్ అడిగింది, తీసుకుని కాసేపు నిద్రపోయింది, లేచాక పాప పుట్టింది. "మరి క్లాసుకి డబ్బులు దండగేగా" అన్నారు మావాళ్లు. ఆ ఏడు దాకా నేను ఏం చేశానో వాళ్లకి తెలియదు. నా నడుం ఇంకా నొప్పే.

కార్ సీట్ బిగించడం కూడా సిలబస్‌లో పెట్టండి. డిశ్చార్జ్ రోజు పార్కింగ్‌లో చెమటలు పట్టాయి.

కరీంనగర్ సిస్టర్:

ఇక్కడి నుంచి ఒక మాట. మా ఊళ్లోనే 2017లో ప్రభుత్వం నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది, ఇప్పుడు సర్కారు దవాఖానలల్లో వాళ్లు నార్మల్ కాన్పులు చేయిస్తున్నరు. కాబట్టి ఇండియా అంటే అంతా ఆపరేషనే అని చెప్పకండి.

ఇంకోటి, కూతురి కాన్పుకు అమెరికా వచ్చే తల్లులను కూడా క్లాసులో కూర్చోబెట్టండి. బిడ్డ బాధ చూడలేక పదో గంటకు "ఎందుకే ఈ కష్టం, కోసి తీయమను" అనేది ఆమెనే. ఆమెకు కూడా ఒక పని అప్పజెప్పండి, చేయి పట్టుకునుడో, మంచినీళ్లు తాపుడో.

ఫ్రిస్కో కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. డౌలా ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టాను. రారిటన్ అక్కా, ఇంకో రెండు: ఫీజు ఎంత పెట్టాలి, తెలిసినవాళ్ల దగ్గర తీసుకోవడం ఇబ్బందిగా ఉంది. ఇంకా, మా ఈఏడీ రెన్యువల్ మధ్యలో గ్యాప్ వస్తే?

రారిటన్ ఒడ్డు:

మీ ఊళ్లో హాస్పిటల్ క్లాసుకి ఎంత తీసుకుంటున్నారో చూసి దానికి దగ్గర్లో పెట్టండి. జంటకి ఇంత అని చెప్పండి, మనిషికి అంటే భర్తని ఇంట్లో వదిలేసి వస్తారు. ఉచితంగా చెప్పొద్దు. ఉచితమంటే రెండో వారం సగం మంది రారు. తెలిసినవాళ్లకి మొహమాటమైతే మొదటి బ్యాచ్‌కి సగం తీసుకుని, మిగతా సగానికి బదులు వాళ్ల కాన్పయ్యాక గంటసేపు మీతో కూర్చుని ఏది పనికొచ్చిందో చెప్పమనండి.

హెచ్4 ఈఏడీ మీద సొంతంగా పని చేసుకోవచ్చు, ఒకే కంపెనీకి కట్టుబడి ఉండక్కర్లేదు. కానీ కార్డు గడువు అయిపోతే సబ్ పనీ ఆగాలి, డబ్బు తీసుకునే క్లాసులూ ఆగాలి. అందుకని కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు కార్డు మీద తేదీ చూసుకోండి, మీ పరిస్థితికి లాయర్‌ని ఒకసారి అడగండి. వచ్చే మే బ్యాచ్ కోసమైతే లమాజ్ శిక్షణకి ఇప్పుడే రిజిస్టర్ చేసుకోండి, చదవడానికి చాలానే ఉంటుంది. స్కూల్లో ప్లానింగ్ పీరియడ్ దొరికినప్పుడు చదువుకోండి. నేనూ అలాగే చదివాను, పిల్లలు నా పుస్తకం మీద బొమ్మ చూసి ఏంటని అడిగితే సైన్స్ అని చెప్పి.