పీ0236 కోడ్ వచ్చింది, టర్బో మార్చాల్సిందేనా?

మియాపూర్_డీజిల్
బండి 1.5 లీటర్ డీజిల్, వీజీటీ (లోపలి రెక్కల కోణం మారే) టర్బో, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి లాగడం మానేస్తోంది. చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది, 2,500 ఆర్‌పీఎం దాటదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలే. స్కానర్‌లో పీ0236 ఒక్కటే చూపిస్తోంది. గ్యారేజీలో టర్బో పోయిందన్నారు. నీలం పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదు, కొత్త శబ్దాలూ లేవు. బూస్ట్ సెన్సర్ (టర్బో తోసే గాలి ఒత్తిడి కొలిచేది) విప్పి కడిగితే సరిపోతుందా? మల్టీమీటర్, బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (బండి రీడింగ్‌లు మొబైల్ యాప్‌లో చూపేది) నా దగ్గర ఉన్నాయి.

గోదారి_స్పానర్
అప్పుడే టర్బో జోలికి వెళ్లకండి. టర్బో గాలి సరిగ్గా తోయకపోతే సాధారణంగా పీ0299 వస్తుంది, ఎక్కువ తోస్తే పీ0234. సెన్సర్ వైరు తెగినా షార్ట్ అయినా పీ0237 లేదా పీ0238. మీకొచ్చిన పీ0236 అర్థం వేరు: బూస్ట్ సెన్సర్ చెప్పే అంకె ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) లెక్కకు పొసగడం లేదు. ఆ అంకె ఎందుకు తప్పుతోందో పట్టుకోవాలి.

ముందు స్పానర్ అక్కర్లేని పరీక్ష ఒకటి చేయండి. చల్లటి బండిలో కీ ఆన్ చేయండి, ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయొద్దు. యాప్‌లో మ్యాప్ ప్రెజర్ (బూస్ట్ సెన్సర్ చూపే, ఇంజన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లోని ఒత్తిడి), బారోమెట్రిక్ ప్రెజర్ (బయటి గాలి ఒత్తిడి) రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంజన్ తిరగనప్పుడు మానిఫోల్డ్‌లో ఉండేది బయటి గాలే కాబట్టి రెండూ ఇంచుమించు ఒకటే రావాలి. విజయవాడలో అయితే 101 కిలోపాస్కల్ దగ్గర, మీ హైదరాబాద్ ఎత్తులో ఉంది కాబట్టి 95 దగ్గర. ఒకటి రెండు తేడా పర్వాలేదు. పది తేడా ఉంటే టర్బోకి సంబంధమే లేదు, అది అప్పటికి తిరగనే లేదు కదా.

రెండూ కలిస్తే అప్పుడు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) హోస్‌లు, వాక్యూమ్ పైపులు, టర్బో రెక్కలను కదిపే యాక్చువేటర్ రాడ్ చూద్దాం. హోస్ కింది వైపు, క్లిప్ దగ్గర ఆయిల్ తడి కనిపిస్తే చీలిక అక్కడే ఉండొచ్చు.

సెన్సర్_శాస్త్రి
కడగడం గురించి. ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) మసి, ఇంజన్ బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి కలిసి సెన్సర్ మూతి మీద తారులా పేరుకుంటాయి. అప్పుడు రీడింగ్ ఆలస్యంగా కదులుతుంది. కార్బ్ క్లీనర్ వాడొద్దు, లోపలి జెల్ పొరను పాడు చేస్తుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మూతి కిందికి పెట్టి ఆరనివ్వండి. పిన్నుతో పొడవొద్దు, కంప్రెసర్ గాలి పెట్టొద్దు. ఓ-రింగ్ గట్టిపడి ఉంటే మార్చి, చుక్క ఇంజన్ ఆయిల్ రాసి బిగించండి.

మియాపూర్_డీజిల్
థాంక్స్ అండీ. కీ ఆన్‌లో బారో 95, మ్యాప్ 109. సెన్సర్ విప్పి కడిగాను, మసి ఉంది కానీ రంధ్రం మూసుకుపోలేదు. మళ్లీ 109 వచ్చింది. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే 5 వోల్టులు సరిగ్గా ఉన్నాయి. అంటే సెన్సరే పోయినట్టా?

గోదారి_స్పానర్
ఇంకా తేల్చలేం. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే కరెంటు పారదు, అందుకే తుప్పు పట్టిన వైరు కూడా మంచిదానిలా కనిపిస్తుంది. కనెక్టర్ పెట్టే ఉంచి, వైరు వెనక రబ్బర్ సీల్ పక్కనుంచి సన్నటి ప్రోబ్ దూర్చండి. మీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర వైరు సెన్సర్ గ్రౌండ్ పిన్ మీద పెట్టండి. కీ ఆన్ చేస్తే 0.05 వోల్టు లోపు రావాలి.

గ్రౌండ్‌లో 0.3 వోల్టు నిలిచిపోతే సిగ్నల్ కూడా సుమారు 0.2 వోల్టు పైకి జరుగుతుంది. 300 కిలోపాస్కల్ వరకు కొలిచే సెన్సర్‌లో అది సుమారు 14 కిలోపాస్కల్ ఎక్కువగా కనిపిస్తుంది. మీ తేడా సరిగ్గా అంతే! బారో సెన్సర్ సాధారణంగా ఈసీయూ లోపలే ఉంటుంది కాబట్టి దాని అంకె మారలేదు. బూస్ట్ చాలినంత ఉందనుకుని ఈసీయూ టర్బోని తగ్గిస్తుంది. బండి లాగకపోవడానికి అదీ కారణమే.

మియాపూర్_డీజిల్
0.31 వచ్చింది! కనెక్టర్ లోపల గ్రౌండ్ పిన్ పచ్చగా చిలుం పట్టి ఉంది.

సెన్సర్_శాస్త్రి
అయితే సెన్సర్ కొనకండి. బ్యాటరీ నెగటివ్ తీసేశాక ఆ టెర్మినల్ బయటికి లాగి, వైరును మెరిసే రాగి కనిపించే దాకా వెనక్కి కత్తిరించండి. నీళ్లు ఇన్సులేషన్ లోపలికి పాకితే రాగి నల్లగా ఉంటుంది, అక్కడ జాయింట్ వేస్తే నెలల్లో మళ్లీ ఇదే గొడవ. కొత్త టెర్మినల్ క్రింపింగ్ ప్లయర్‌తోనే నొక్కాలి. వైరు పొడవు చాలకపోతే అదే మందం ముక్క కలిపి, సోల్డర్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. మెలిపెట్టి టేపు చుట్టడం ఇంజన్ వేడికి నిలవదు. రబ్బర్ సీల్ కూడా కొత్తది వేయండి, నీళ్లు దూరింది అక్కడి నుంచే.

తర్వాత గ్రౌండ్ పిన్ మీద వోల్టు మళ్లీ కొలవండి. పిన్ మార్చాక కూడా తగ్గకపోతే తప్పు ఈసీయూ వైపు వైరులోనో, ఈసీయూ బాడీ గ్రౌండ్‌లోనో ఉంది.

గోదారి_స్పానర్
ఎప్పుడైనా సెన్సర్ మార్చాల్సి వస్తే పార్ట్ నంబర్ కలిపే తీసుకోండి. 250 వరకు కొలిచేది, 300 వరకు కొలిచేది చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కనెక్టర్ కూడా పడుతుంది, రీడింగ్ మాత్రం తప్పుతుంది. ఇప్పుడు కోడ్ చెరిపి, ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో 1,500 నుంచి 3,000 ఆర్‌పీఎం దాకా పూర్తిగా తొక్కండి. మొబైల్ పక్కవాళ్ల చేతిలో ఉండాలి. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ రెండూ దగ్గరదగ్గరగా ఎక్కుతున్నాయో లేదో ఆ లాగ్ ఇక్కడ పెట్టండి.