మొదటి మధ్యధరా క్రూజ్: రేవుల్లో దిగి సొంతంగా తిరగడం మా కుటుంబానికి సాధ్యమేనా?

ప్రశ్న: కూకట్‌పల్లి కోడలు

వచ్చే అక్టోబరులో మా కుటుంబం మొదటిసారి క్రూజ్ ఎక్కబోతోంది. గురువారం బార్సిలోనాలో ఓడ ఎక్కుతాం. శుక్రవారం మార్సెయ్, శనివారం లివోర్నో, ఆదివారం చివిటవెక్కియా (రోమ్‌కు దగ్గరి రేవు), సోమవారం నేపుల్స్, మంగళవారం రోజంతా సముద్రం మీద, బుధవారం పాల్మా, ఆ మరుసటి రోజు ఉదయం మళ్ళీ బార్సిలోనా. ఇటలీ రేవులు మూడింటిలోనూ ఓడ ఉదయం 7 గంటల నుంచి సాయంత్రం 7 గంటల వరకు ఉంటుందని టికెట్టు కాగితంలో ఉంది. ప్రయాణించేది నలుగురం: నేను, మావారు, 12 ఏళ్ళ మా పాప, 69 ఏళ్ళ మా అత్తయ్య గారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. మెల్లగా నడిస్తే ఇబ్బంది లేదు కానీ, మెట్లు దిగేటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి.

ఓడ వాళ్ళు ఏర్పాటు చేసే టూర్ల ధరలు చూశాక గుండె గుభేలుమంది. ఒక్క రోమ్ టూరుకే నలుగురికీ కలిపి మేము కిందటి దసరాకు కొన్న టీవీ అంత అవుతోంది. అందుకని అన్ని రేవుల్లోనూ రైళ్ళలో, బస్సుల్లో సొంతంగానే తిరుగుదామని మావారు ఒక ఎక్సెల్ షీటు తయారు చేశారు. అందులో శనివారం పీసా వాలు గోపురం, ఫ్లోరెన్స్. ఆదివారం వాటికన్ మ్యూజియం, కొలోసియం, ట్రెవి ఫౌంటెన్. సోమవారం పాంపేయి శిథిల నగరం, వీలైతే వెసూవియస్ అగ్నిపర్వతం కూడా ఉన్నాయి. భోజనానికి ప్రతిరోజూ 20 నిమిషాలు కేటాయించారు కానీ బాత్‌రూమ్‌కు వెళ్ళడానికి ఒక్క నిమిషం కూడా కేటాయించలేదు. ఇదంతా జరిగే పనేనా, ఏది వదులుకోవాలి, ఎక్కడ ఓడ వాళ్ళ టూరు తీసుకోవడం మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: మల్కాజిగిరి విశ్రాంత ఉద్యోగి

అమ్మా, నేను, మా ఆవిడ రెండేళ్ళ క్రితం దాదాపు ఇదే దారిలో వెళ్ళి వచ్చాం. రోమ్ సంగతి మాత్రం నేను వివరంగా చెప్పగలను, ఎందుకంటే అక్కడ మేము చేసిన తప్పు ఇప్పటికీ మా ఇంట్లో సామెతలా చెలామణి అవుతోంది.

ముందుగా ఒక విషయం. ఓడ బయలుదేరే వేళ వేరు, మనం ఓడలో ఉండి తీరవలసిన వేళ వేరు. 7 గంటలకు బయలుదేరే ఓడలోకి సాధారణంగా 6 లేదా 6:30 కల్లా వచ్చెయ్యాలి. ఆ వేళను ముందు రోజు రాత్రి గదికి వచ్చే కాగితంలోనో, ఓడ యాప్‌లోనో తెలియజేస్తారు. మీవారి షీటును ఉదయం నుంచి కాకుండా ఆ వేళ నుంచి వెనక్కి నింపమనండి. చివిటవెక్కియా నుంచి రోమ్ సుమారు 70 కిలోమీటర్లు, అంటే మన సికింద్రాబాద్ నుంచి జనగామకు కాస్త తక్కువ. ఓడ దగ్గర నుంచి రేవు వాళ్ళ ఉచిత బస్సు లార్గో దెల్లా పాచే అనే చోట దింపుతుంది. అక్కడి నుంచి ఇంకో బస్సులో రైల్వే స్టేషన్‌కు వెళ్ళాలి. సాయంత్రం ఆ బస్సు దగ్గర వరస ఉంటుంది కాబట్టి 6 గంటలకు ఓడలో ఉండాలంటే 4:30 కల్లా చివిటవెక్కియాలో రైలు దిగాలి. అలా దిగాలంటే 3:15 ప్రాంతంలో రోమ్ వదలాలి. ఉదయం ఎంత తొందరపడ్డా రోమ్‌లో అడుగుపెట్టేసరికి 9:30 దాటుతుంది. అంటే మీకు 12 గంటల రోమ్ లేదు, ఐదున్నర గంటల రోమ్ ఉంది.

ఇక మా తప్పు. మేము కొలోసియం చూసుకొని మెట్రోలో రోమ్ ప్రధాన స్టేషన్ తెర్మినికి వచ్చేసరికి రైలుకు ఇంకా 10 నిమిషాలు ఉంది. పది నిమిషాలంటే సికింద్రాబాద్‌లో ఒకటో నంబరు నుంచి పదో నంబరుకు టీ తాగుతూ వెళ్ళవచ్చు. బోర్డు మీద మా బండికి 27వ ప్లాట్‌ఫారం అని వచ్చింది. తెర్మినిలో 25 దాటిన ప్లాట్‌ఫారాలు మిగతావాటి పక్కన ఉండవు, స్టేషన్ పక్కగా చాలా దూరం నడవాలి. పరుగెత్తాం. సగం దారిలో మా ఆవిడ చెప్పు తెగింది. ఆ చెప్పు చేత్తో పట్టుకొని ఒంటి కాలి చెప్పుతో ఆవిడ చేరేసరికి బండి తోక కనిపించింది. తర్వాతి బండి ఉంది కాబట్టి బతికిపోయాం. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు ఆలస్యం చేసినా ‘ఇరవై ఏడో నంబరు’ అంటాం.

మీరు తెర్మిని జోలికి పోకండి. చివిటవెక్కియా నుంచి వచ్చే ప్రాంతీయ రైళ్ళు అంతకుముందే రోమా సాన్ పియెత్రో అనే చిన్న స్టేషన్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాకు పావుగంట నడక. తిరుగు రైలు కూడా అక్కడే ఎక్కవచ్చు. కాగితం టికెట్టు కొంటే ప్లాట్‌ఫారం దగ్గరున్న మిషన్‌లో ముద్ర వేయించుకున్నాకే ఎక్కాలి, లేకపోతే టికెట్టు ఉన్నా జరిమానా కట్టాలి.

మంచినీళ్ళకు డబ్బు పెట్టకండి. రోమ్ వీధుల్లో నాసోని అనే ఇనుప కుళాయిలు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. వంగిన గొట్టం కింది మూతిని వేలితో అదిమితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీరు ధారగా ఎగసి నోటికి అందుతుంది. మీ పాపకు కొలోసియం కంటే అదే ఎక్కువ నచ్చవచ్చు.

సమాధానం: పటాలపిచ్చి, తార్నాక

పెద్దాయన చెప్పినదానికి ఒక ముఖ్యమైన సంగతి జోడించాలి. మీ రోమ్ రోజు ఆదివారం. వాటికన్ మ్యూజియంలు ఆదివారాలు మూసి ఉంటాయి. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉదయం పూట ఉచితంగా తెరుస్తారు కానీ, ఆనాటి వరసలో నిలబడితే మీ ఐదున్నర గంటల్లో సగం గోడ పక్కనే గడిచిపోతుంది. కాబట్టి మీవారి షీటులో ఆ గడి కొట్టేయించండి. బసిలికాకు టికెట్టు అక్కర్లేదు. మైకెలాంజిలో చెక్కిన పియెతా శిల్పం (ఒడిలో ఏసు దేహంతో మేరీ మాత) లోపలే, కుడివైపున ఉంది. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలన్న నియమం చీర కట్టుకున్న మీ అత్తయ్య గారికి అడ్డు కాదు, చేతుల్లేని టాపులు వేసుకునే పాప విషయంలోనే చూసుకోవాలి. పోప్ రోమ్‌లో ఉన్న ఆదివారాల్లో మధ్యాహ్నం 12 గంటలకు కిటికీలోంచి దీవెనలిస్తారు, దానికి ముందు నుంచే బసిలికా ముందున్న చౌకు నిండిపోతుంది. కాబట్టి దిగిన వెంటనే అక్కడికి వెళ్ళి, 11 లోపు బయటపడి, ఆపైన టాక్సీలో కొలోసియంకు వెళ్ళడం మేలు. కొలోసియం టికెట్లు పేరుతో, వేళతో ముందే కొనుక్కోవాలి. మీది నెలలో మొదటి ఆదివారం అయితే ప్రవేశం ఉచితం కాబట్టి జనం విరగబడతారు, ఆ రోజున బయటి నుంచి చూసి తృప్తిపడడమే ఉత్తమం.

లివోర్నో విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది: ఫ్లోరెన్స్‌ను వదిలెయ్యండి. అక్కడి రేవులో నడిచి బయటికి రానివ్వరు, షటిల్ బస్సులో ఊళ్ళోకి వచ్చి, మళ్ళీ ఊరి బస్సులో స్టేషన్‌కు వెళ్ళి, అక్కడి నుంచి గంటన్నర రైలు. వెళ్ళడానికి, రావడానికి కలిపి ఐదు గంటలు రవాణాకే పోతాయి. మైకెలాంజిలో డేవిడ్ విగ్రహం, ఉఫీజీ మ్యూజియం రెండూ వరసలు లేకుండా దొరికేవి కావు. ఉరుకులు పరుగుల మీద ఫ్లోరెన్స్ చూడడం, సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్ళి గడియారం గంట కొట్టేలోపు తిరిగి రావడం లాంటిది. పీసా అయితే లివోర్నో నుంచి రైలులో 20 నిమిషాల లోపే. గోపురం చూశాక పక్కనే ఉన్న సాన్ రొసోరే స్టేషన్‌లో లూకా అనే ఊరికి వెళ్ళే రైలు ఎక్కండి, అరగంట ప్రయాణం. లూకా చుట్టూ 4 కిలోమీటర్ల పాత కోట గోడ చెక్కుచెదరకుండా ఉంది. గోడ పైభాగం చెట్ల నీడలో వెడల్పాటి రోడ్డులా ఉండి జనం సైకిళ్ళు తొక్కుతుంటారు. అత్తయ్య గారు బెంచీ మీద కూర్చుంటే, మీ ముగ్గురూ ఒక చుట్టు చుట్టి రావచ్చు. ఫ్లోరెన్స్ చూసి తీరాలన్న పట్టుదల ఉంటే మాత్రం ఓడ వాళ్ళ బస్సులోనే వెళ్ళండి.

ఇంకొకటి, ఇటలీలో రైల్వే సమ్మెలు తరచుగా జరుగుతాయి కానీ వాటిని ముందుగానే ప్రకటిస్తారు. ‘షోపెరో’ (సమ్మె) అనే మాటతో ప్రయాణానికి ముందు వారం రోజులు వెతుకుతూ ఉండండి.

సమాధానం: మణికొండ నుంచి ఒక కోడలు

నేను కూడా మా అత్తయ్య గారిని వెంటబెట్టుకొని పాంపేయి చూసి వచ్చినదాన్నే కాబట్టి మోకాళ్ళ వైపు నుంచి మాట్లాడతాను అక్కా. నేపుల్స్‌లో ఓడ ఊరి మధ్యలోనే ఆగుతుంది, అది పెద్ద సౌకర్యం. రేవు ఎదురుగానే ఉన్న మునిచిపియో మెట్రో స్టేషన్ నుంచి గరిబాల్దీ స్టేషన్‌కు, అక్కడి నుంచి చిర్కుంవెసువియానా రైలులో పాంపేయి స్కావీ స్టేషన్‌కు సుమారు 40 నిమిషాలు. ఆ రైలు మన ఎంఎంటీఎస్ అనుకోండి, అదీ ఆఫీసు వేళల్లో. సీటు దొరుకుతుందన్న హామీ లేదు, జేబుదొంగల భయం ఉంది. స్టేషన్ ద్వారం మాత్రం తవ్వకాల ద్వారానికి ఎదురుగానే ఉంటుంది.

అసలు కష్టం లోపల. క్రీ.శ. 79లో బూడిద కింద కప్పబడిన ఆ వీధులు పెద్ద పెద్ద నల్లరాళ్ళతో పరిచినవి. రాళ్ళ మధ్య సందులు, బండి చక్రాలు అరగదీసిన గాళ్ళు, వీధి దాటడానికి వేసిన మోకాలెత్తు దిమ్మెలు. మా అత్తయ్య గారు మొదటి దిమ్మె దగ్గరే ఆగి, రెండు చేతులతో చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకొని, ‘రెండు వేల ఏళ్ళ నుంచి దీన్ని బాగుచెయ్యడానికి ఒక్కరూ దొరకలేదటే?’ అన్నారు. చక్రాల కుర్చీలకు, పెద్దవారికి అనువుగా చదును చేసిన దారి ఒకటి లోపల ఉంది, అది ఆంఫిథియేటర్ వైపున్న ద్వారం దగ్గర మొదలవుతుంది. మీరు ఆ ద్వారం నుంచి వెళ్ళండి. టికెట్లు ముందే పేర్లతో కొనండి, 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే అనుమతిస్తున్నారు. వెసూవియస్‌ను మాత్రం మరిచిపోండి. బస్సు దిగాక కూడా కంకర దారిలో పైకి నడవాలి, అది అత్తయ్య గారికి కుదరదు.

మళ్ళీ: కూకట్‌పల్లి కోడలు

అందరికీ ధన్యవాదాలు. వాటికన్ ఆదివారం సంగతి మావారికి చదివి వినిపిస్తే కాసేపు మౌనంగా ఉండి, ఆ గడికి ఎర్ర రంగు వేశారు. ఇంకొక్క సందేహం. ఒకవేళ నిజంగానే ఓడ తప్పిపోతే ఏమవుతుంది?

సమాధానం: పటాలపిచ్చి, తార్నాక

ఓడ వాళ్ళ టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా వాళ్ళే మిమ్మల్ని తర్వాతి రేవుకు చేరుస్తారు. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఓడ వెళ్ళిపోతుంది, తర్వాతి రేవుకు చేరడం మీ ఖర్చు, మీ బాధ్యత. ఆ ధరలో మీరు కొనుక్కుంటున్నది ప్రధానంగా ఈ హామీనే. అయితే అన్ని రేవుల్లోనూ ఈ ప్రమాదం ఒకే స్థాయిలో ఉండదు, టికెట్ల ధరలు పోల్చేవారు ఇది గమనించరు. లివోర్నోలో తప్పిపోతే తర్వాతి రేవు చివిటవెక్కియాకు అదే తీరం వెంబడి రైలు ఉంది. రోమ్‌లో తప్పిపోతే నేపుల్స్‌కు వేగ రైలులో గంటా పది నిమిషాలు. ఒక రాత్రి హోటల్ ఖర్చు, ఇంట్లో జీవితాంతం ఎత్తిపొడుపులు, అంతే. నేపుల్స్‌లో తప్పిపోతే మాత్రం తర్వాత ఓడ ఆగేది ఎల్లుండి, అదీ మయోర్కా ద్వీపంలోని పాల్మాలో. రైలు లేదు, నలుగురికీ విమానం టికెట్లు అప్పటికప్పుడు కొనాలి. కాబట్టి జాగ్రత్త అవసరమైన రోజు అందరూ భయపడే రోమ్ కాదు, దగ్గరే కదా అనుకునే పాంపేయి. టూరుకు డబ్బు పెట్టదలిస్తే సోమవారం పెట్టండి.

పాస్‌పోర్టులు ఓడ వాళ్ళు తీసుకోకపోతే ఆ రోజు వెంట ఉంచుకోండి, కనీసం పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్ళు ఉండాలి. రోజూ ఇచ్చే కాగితంలో రేవు ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకోండి. ఓడ ఎక్కగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఓడ సొంత నెట్‌వర్కుకు ఫోన్ తగులుకుంటే మామూలు రోమింగ్ ప్యాక్ పనిచేయదు, బిల్లు మోత మోగిపోతుంది.

సమాధానం: మల్కాజిగిరి విశ్రాంత ఉద్యోగి

మార్సెయ్‌లో హైరానా పడకండి. రేవు నుంచి ఉచిత బస్సులో జోలియెట్ వరకు వచ్చి, పాత ఓడరేవు దగ్గర బొమ్మ రైలు లాంటి బండి ఎక్కితే కొండ మీది నోత్రదామ్ ద లా గార్ద్ చర్చి దగ్గర దింపుతుంది. మరొక మాట. హైదరాబాద్ నుంచి విమానం మారి వెళ్ళాలి కాబట్టి గురువారం ఉదయం దిగేలా టికెట్టు కొనకండి. బుధవారమే బార్సిలోనా చేరుకుంటే సగ్రాద ఫమీలియా చర్చి కూడా చూడవచ్చు, దానికి టికెట్టు ఆన్‌లైన్‌లోనే ముందుగా తీసుకోవాలి.

మళ్ళీ: కూకట్‌పల్లి కోడలు

నిన్న రాత్రి భోజనాల దగ్గర తేల్చేశాం. శనివారం పీసా, లూకా సొంతంగా. ఆదివారం సాన్ పియెత్రోలో దిగి బసిలికా, తర్వాత టాక్సీలో కొలోసియం, 3 గంటల కల్లా తిరుగు ప్రయాణం. సోమవారం పాంపేయికి ఓడ వాళ్ళ టూరు, అది కూడా తక్కువ నడక ఉన్నది. పాల్మాలో బస్సులో వెళ్ళి సముద్రం ఒడ్డున ఉన్న కెథెడ్రల్ మాత్రం చూస్తాం. బార్సిలోనాకు బుధవారం చేరేలా విమానం టికెట్లు మార్చాం. అత్తయ్య గారు అంతా విని, ‘ఆ తెగిన చెప్పు ఆవిడ పారేసిందా, తెచ్చుకుందా’ అని అడగమన్నారు.

సమాధానం: మల్కాజిగిరి విశ్రాంత ఉద్యోగి

తెచ్చుకుంది. మల్కాజిగిరి స్టేషన్ బయట కుట్టించుకొని ఇప్పటికీ గుడికి అదే వేసుకెళ్తోంది.