రెసిడెన్సీ దరఖాస్తులో ఇంకా అచ్చుకాని వ్యాసాన్ని ఎలా చూపాలి?

నమస్కారం. గుంటూరులో ఎంబీబీఎస్ పూర్తిచేసిన నేను అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణ) కోసం ఈ ఏడాది ఇరాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో దరఖాస్తు నింపుతూ, ప్రచురణల భాగం దగ్గర ఆగిపోయాను. ఆ దారిలో ఇప్పటికే నడిచినవారి సలహా కోరుతున్నాను.

పీఎంఐడీ (పబ్‌మెడ్ వైద్య వ్యాసాల సూచికలో ఇచ్చే సంఖ్య) ఉన్న కేస్ రిపోర్టు, అంటే ఒక రోగి కేసుపై రాసిన వ్యాసం, ఒకటి ఉంది. దానితో పేచీ లేదు. చిక్కంతా స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వచ్చిన రోగులపై మేము చేసిన అధ్యయనంతోనే. దాన్ని మొదట ఒక సదస్సులో పోస్టరుగా ప్రదర్శించి, తర్వాత అదే సమాచారంతో వ్యాసం రాసి పత్రికకు పంపాం. సమీక్షకులు అడిగిన సవరణలు చేసి తిరిగి పంపి రెండు నెలలు దాటినా తుది నిర్ణయం రాలేదు. దీన్ని పోస్టరుగా ఒకసారి, ‘సమర్పించినది’ అన్న స్థితితో వ్యాసంగా మరొకసారి చూపడం న్యాయమేనా, లేక ఒకే పనిని రెండుగా చూపి అంకె పెంచుకున్నట్టు ఉంటుందా? అభ్యర్థులను రెసిడెన్సీ సీట్లతో జతచేసే ఎన్‌ఆర్‌ఎంపీ సంస్థ గణాంకాలు సారాంశాలను, ప్రదర్శనలను, ప్రచురణలను కలిపే లెక్కిస్తాయి గానీ, ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవారు అలాగే చూస్తారన్న నమ్మకం నాకు లేదు.

మరొకటి, చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది: ఒక సీనియర్ మాట విని, రుసుము తీసుకుని వారంలోనే అచ్చువేసిన ఒక పత్రికలో సమీక్షా వ్యాసం ప్రచురించాను. దాన్ని పేర్కొనాలా, వదిలేయాలా?

ధ్రువీకరించి సమర్పించాక ఈ భాగాన్ని మార్చే వీలుండదు కనుక, ఆ తర్వాత వ్యాసం ఆమోదం పొందితే ప్రోగ్రాములకు విడిగా ఈమెయిల్ రాయడం మర్యాదేనా అన్నది కూడా దయచేసి తెలుపగలరు.