బొంగురు గొంతున్న మా పాపకి డోరేమాన్ ఆవిడ కథ చెప్పొచ్చా?

రాజమండ్రి అమ్మ అడిగారు:

అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి. మాటలు వచ్చినప్పటి నుంచీ గొంతు కొంచెం బొంగురు. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు "బాబూ, అమ్మకివ్వమ్మా" అంటారు. ఇంట్లో మాకు అలవాటైపోయి ఆ సంగతే గుర్తుండదు.

ఈ ఏడాది స్కూల్ మారాం. ప్రేయర్‌లో ప్రతిజ్ఞ చెప్పే వంతు దీనికి వచ్చిన రోజు పిల్లలు నవ్వారట. ఆ రోజు నుంచి క్లాసులో నోరు విప్పడం లేదు. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తడం లేదని టీచర్ చెప్పారు. ఇప్పుడు ఇంట్లో చెల్లెలితో కూడా గుసగుసగానే మాట్లాడుతోంది. నాకు టెన్షన్‌గా ఉంది.

జపాన్‌లో డోరేమాన్ కార్టూన్‌కి గొంతు ఇచ్చిన ఆవిడని కూడా చిన్నప్పుడు ఇలాగే ఏడిపించారని మా తమ్ముడు ఎక్కడో విన్నాడట. మా పాపకి చిన్నప్పుడు డోరేమాన్ అంటే ప్రాణం. అది పెడితే గానీ అన్నం తినేది కాదు. ఈ కథ నిజమేనా? నిజమైతేనే చెప్తాను. అబద్ధమని తర్వాత తెలిస్తే ఇక నేనేం చెప్పినా నమ్మదు.

డిగ్రీ కుర్రాడు:

నిజమేనండీ. ఆవిడ పేరు నొబుయో ఓయామా. 2024 సెప్టెంబర్ 29న, 90 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మీ పాప తెలుగులో విన్నది ఆవిడ గొంతు కాదు, మన డబ్బింగ్ ఆర్టిస్టుది. పాపకి ఆవిడ గొంతు వినిపించాలంటే జపనీస్‌లో, 2005 మార్చి లోపు వచ్చినవి వెతకండి. ఆ ఏప్రిల్ నుంచి వసాబి మిజుతా అనే ఆవిడ చెప్తున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తేడా వెంటనే తెలుస్తుంది. పాత గొంతులో గరుకుదనం ఉంటుంది.

నేను ఆవిడని మొదట విన్నది డోరేమాన్‌లో కాదు, 2010లో వచ్చిన డంగన్‌రోన్‌పా గేమ్‌లో. అందులో పిల్లల్ని చంపించే మోనోకుమా అనే ఎలుగుబంటికి గొంతు ఆవిడదే. అంత తియ్యగా, గరగరలాడుతూ మాట్లాడే విలన్‌ని నేను ఇంకెక్కడా వినలేదు. అప్పటికి ఆవిడకి 77 ఏళ్లు.

కవాసకి అక్క:

రాజమండ్రి అమ్మగారూ, మాది తెనాలి. ఇక్కడ జపాన్‌లో, కవాసకి అనే ఊళ్లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తాను. డోరేమాన్ బొమ్మలు గీసిన ఫుజికో ఎఫ్. ఫుజియోగారి మ్యూజియం ఉన్న ఊరే ఇది. ఓయామాగారి గురించి ఇక్కడివాళ్లందరికీ తెలిసిన సంగతులే చెప్తాను. పాపకి ధైర్యంగా చెప్పండి.

ఆవిడ 1933లో టోక్యోలో పుట్టారు. గొంతు చిన్నప్పటి నుంచీ అంతే. సరిగ్గా మీ పాప వయసులోనే తోటిపిల్లలు వెక్కిరిస్తుంటే మాట్లాడటం తగ్గించేశారు. అప్పుడు వాళ్లమ్మ చెప్పిన మాట ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. బలహీనంగా ఉంది కదా అని కాపాడుకుంటూ కూర్చుంటే అది ఇంకా బలహీనమై చివరికి ఎందుకూ పనికిరాకుండా పోతుంది, బలహీనం అనిపించినదాన్నే బాగా వాడు అని. ఆ పిల్ల వెళ్లి స్కూల్లో బ్రాడ్‌కాస్టింగ్ క్లబ్‌లో చేరింది. ఏ గొంతుని చూసి నవ్వారో ఆ గొంతుతోనే మైక్ ముందు కూర్చుంది.

ఈ కథలో నాకు వాళ్లమ్మంటే ఎక్కువ ఇష్టం. "నీ గొంతు బంగారంలా ఉంది" అని ఆవిడ అనలేదు. నవ్వులపాలై ఇంటికొచ్చిన పిల్ల ఆ మాట నమ్మదు కూడా. బలహీనమేనని ఒప్పుకుని, అయినా వాడమంది. మీ పాపతో మాట్లాడేటప్పుడు ఈ తేడా చూసుకోండి.

తర్వాత హైయూజా అనే పెద్ద నాటక సంస్థ నడిపే స్కూల్లో నటన నేర్చుకున్నారు. 1956లో జపాన్ జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే నాటకంతో టీవీలోకి వచ్చారు. కార్టూన్లలో దొరికినవన్నీ దాదాపు అల్లరి మగపిల్లల వేషాలే. ఇక్కడ ఇంటింటికీ తెలిసిన సజాయె-సాన్ సీరియల్ 1969లో మొదలైనప్పుడు అందులో తమ్ముడు కాత్సువోకి మొదటి గొంతు ఆవిడదే.

డోరేమాన్ చేతికొచ్చేసరికి 45 ఏళ్లు. 1973లో వేరే ఛానెల్‌లో, వేరేవాళ్ల గొంతులతో ఒకసారి వచ్చి ఆరు నెలలకే ఆగిపోయింది. 1979 ఏప్రిల్‌లో టీవీ అసాహిలో కొత్తగా మొదలుపెట్టారు. ఆవిడ ఆలోచించిన తీరు చూడండి. డోరేమాన్ 22వ శతాబ్దం నుంచి వచ్చిన రోబో, పిల్లల్ని చూసుకోవడానికి చేసినవాడు. పిల్లల్ని పెంచాల్సినవాడికి చెడ్డ మాటలు నేర్పి పంపుతారా? అందుకని డోరేమాన్ నోట తిట్టు రాకూడదని, ఎవరినైనా కలవగానే "నమస్తే, నేను డోరేమాన్‌ని" అని మర్యాదగా చెప్పాలని ఆవిడే పెట్టుకున్నారు. ఫుజికోగారు అది విని, డోరేమాన్ గొంతు ఇలా ఉంటుందన్నమాట అన్నారట. బొమ్మ గీసినాయనకే తన బొమ్మ గొంతు అప్పుడు తెలిసింది!

ఇక్కడ రికార్డింగ్‌లో అందరూ ఒకే గదిలో నిలబడతారు. ఎదురుగా తెర, చేతిలో స్క్రిప్టు, మధ్యలో మూడు నాలుగు మైకులు. తమ వంతు రాగానే ముందుకెళ్లి చెప్పి, చప్పుడు కాకుండా వెనక్కి రావాలి. పేజీ తిప్పే శబ్దం కూడా పడకూడదు. డోరేమాన్, నోబిత, షిజుకా, జియాన్, సునియో గొంతుల ఐదుగురూ 26 ఏళ్లు అలా కలిసి చేశారు. 2001లో ఆవిడకి పెద్దపేగు చివర క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయితే, కోలుకుని మళ్లీ మైక్ ముందుకొచ్చారు. 2005 మార్చిలో ఐదుగురూ ఒకేసారి తప్పుకున్నారు.

చివరి రోజుల గురించి పాపకి చెప్పాలో వద్దో మీ ఇష్టం. 2012లో ఆవిడకి మతిమరుపు జబ్బు అని తేలింది. భర్త కెయిసుకె సగావాగారూ నటుడే. మూడేళ్లు గుట్టుగా చూసుకుని, 2015లో రేడియోలో బయటపెట్టారు. ఆ ఏడాదే ఆయన రాసిన పుస్తకం పేరుకి అర్థం "కూతురైపోయిన నా భార్య నొబుయోకి" అని. తర్వాత ఆయనకే క్యాన్సర్ రావడంతో ఆవిడని సంరక్షణ కేంద్రంలో చేర్చాల్సి వచ్చింది. 2017లో ఆయన ముందు వెళ్లిపోయారు. నేను చేసేది ఇదే పని కాబట్టి ఆ మూడేళ్లు ఆయన ఎంత నలిగిపోయి ఉంటారో నాకు తెలుసు.

ఆవిడ పోయిన వార్త 2024 అక్టోబర్ 11న బయటికొచ్చింది. ఆ రోజు మా హాల్లో టీవీ నడుస్తోంది. నేను ఒక బామ్మగారికి చిక్కటి టీ చెంచాతో పడుతున్నాను. ఆవిడ కొడుకు పేరు కూడా మర్చిపోయిన మనిషి. టీవీలో పాత డోరేమాన్ క్లిప్ వేశారు. పొట్ట మీది జేబులోంచి వస్తువు తీస్తూ దాని పేరు సాగదీసి చెప్పే ఆ గొంతు వినగానే, బామ్మగారు నా చేతిని పక్కకి నెట్టి, తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఏదో బయటికి తీసినట్టు పైకెత్తారు. ఆ చెయ్యి చాలాసేపు దించలేదు. నేను చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

డబ్బింగ్ గొంతు:

హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా డబ్బింగ్ చెప్తున్నాను, ఎక్కువగా పిల్లల పాత్రలే. అక్క చెప్పినట్టు అందరూ ఒకే గదిలో నిలబడి చెప్పే భాగ్యం మాకు లేదు. ఎవరి ముక్క వాళ్లం ఒంటరిగా చెప్పి వచ్చేస్తాం. హెడ్‌ఫోన్స్‌లో ఒరిజినల్ వింటూ పెదవి కదలికకి మాట సరిపెట్టుకోవాలి. అలా రోజంతా వినడం వల్లే జపాన్ ఆర్టిస్టుల మీద నాకు అంత గౌరవం.

అమ్మగారూ, కథ చెప్పండి, కానీ ముందు పాపని ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. గట్టిగా అరిచి ఆడుకునే పిల్లలకి స్వరతంత్రుల మీద చిన్న కాయల్లా వస్తుంటాయి, నాడ్యూల్స్ అంటారు. చిన్న కెమెరాతో చూస్తే తెలిసిపోతుంది. పిల్లల్లో చాలావరకు స్పీచ్ థెరపీతోనే తగ్గుతాయి. ఏమీ లేకపోతే అది పాప సొంత గొంతు, దిగులు అక్కర్లేదు.

ఇంకొకటి, గుసగుసలు మాన్పించండి. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటారు గానీ, నొక్కిపెట్టి మాట్లాడటంతో ఇంకా శ్రమ పడుతుంది. తక్కువ మాట్లాడినా మామూలుగా మాట్లాడమనండి. నీళ్లు బాగా తాగమనండి.

రాజమండ్రి అమ్మ:

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. గుసగుసల సంగతి నాకు అస్సలు తెలియదు, అదే మంచిదనుకున్నాను. శనివారానికి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

నిన్న రాత్రి అక్క రాసింది చదివి వినిపించాను, చివరి రోజుల సంగతితో సహా. తర్వాత పాత జపనీస్ క్లిప్ పెట్టాను. భాష అర్థం కాకపోయినా కదలకుండా వింది. రెండోసారి తనే పెట్టుకుంది. అయ్యాక "అమ్మా, ఆవిడ క్లబ్‌లో చేరిన రోజు కూడా పిల్లలు నవ్వారా?" అని అడిగింది. నాకు తెలీదన్నాను. "నవ్వే ఉంటారు" అని పడుకుంది.

పొద్దున్న ఇడ్లీ తింటూ నా ఫోన్ తీసుకుని, వాళ్ల తాతయ్యకి వాయిస్ మెసేజ్ పెట్టింది. గుసగుసగా కాదు, మామూలుగానే.

కవాసకి అక్క:

డాక్టర్ ఏమన్నారో తప్పకుండా రాయండి. పాపకి మ్యూజియం నుంచి పోస్ట్‌కార్డు పంపుతాను, అడ్రస్ మాత్రం ఇక్కడ అందరి ముందూ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చెయ్యండి.