సెతౌచి జకుచో రాసిన జీవితకథల్లో నిజమెంత, కల్పనెంత?

ప్రశ్న – వేపచెట్టు వీధి

జపాన్ స్త్రీవాది ఇతో నోయే మీద అక్కడి రచయిత్రి సెతౌచి జకుచో రాసిన నవల ఇంగ్లీషు అనువాదం, ‘బ్యూటీ ఇన్ డిసరే’, నిన్న రాత్రి పూర్తి చేశాను. పేరుకు నవలే. కానీ అందులో మనుషులందరూ నిజంగా బతికినవాళ్ళు. 1911లో హిరత్సుక రాయ్‌చో మొదలుపెట్టిన స్త్రీల పత్రిక ‘సెయితో’ నిజం. 1916 నవంబరులో హయామాలోని సత్రంలో నోయే ప్రేమికుడు, అరాచకవాది ఓసుగి సకాయేని అతని ఇంకో ప్రేయసి కమిచిక ఇచికో కత్తితో పొడవడమూ నిజం. మరి ఆ గదిలో వాళ్ళు మాట్లాడుకున్న మాటలు? వాటిని విన్నదెవరు?

ఎందుకు అడుగుతున్నానంటే, మా ఊళ్ళో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి జీవితమంతా ధారపోసిన ఒక టీచరమ్మ గురించి రాస్తున్నాను. ఆవిడ పోయి చాలా కాలమైంది. నా దగ్గరున్నవి కొన్ని ఉత్తరాలు. ఆవిడ దగ్గర చదువుకున్న పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు మిగిలారు. మధ్యలో ఉన్న ఖాళీలను ఊహించి నింపుకోవచ్చా? రాత్రిళ్ళు ఇదే టెన్షన్.

ఇంకొకటి. ప్రేమ గురించి ఇంత తెగించి రాసిన మనిషి 51 ఏళ్ళకు గుండు చేయించుకుని బౌద్ధ సన్యాసిని అయ్యారట. చేసినదానికి పశ్చాత్తాపమా?

జవాబు – ఒసాకా నుంచి

ఈవిడ గురించి తెలుగులో ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నదాన్ని. కాస్త పొడుగ్గానే రాస్తాను.

జపనీస్ కూడబలుక్కుని చదవడం వచ్చాక నేను మొదట పట్టుకున్నది సెతౌచి పుస్తకాలే. మీ రెండు ప్రశ్నలకూ జవాబు 1957లో ఉందని నా అభిప్రాయం. అందరూ సన్యాసం దగ్గర మొదలుపెడతారు గానీ, అసలు మలుపు దానికి పదహారేళ్ళ ముందే వచ్చింది.

అప్పటికి ఆవిడ జకుచో కాదు, హరుమి. 1922లో తోకుషిమాలో పుట్టింది. తండ్రిది ఇళ్ళల్లో పెట్టుకునే బౌద్ధ పూజామందిరాలు అమ్మే దుకాణం. 1943లో పెళ్ళయి భర్తతో బీజింగ్ వెళ్ళింది, అక్కడే కూతురు పుట్టింది. 1946లో తిరిగొచ్చేసరికి తల్లి లేదు. 1945 జులైలో తోకుషిమా మీద బాంబులు పడ్డప్పుడు షెల్టర్‌లోనే కాలిపోయింది. తర్వాత భర్త శిష్యుడొకరితో ప్రేమలో పడి, పసిపిల్లను వదిలి ఇల్లు దాటింది.

అలా ఒంటరిగా రాయడం మొదలుపెట్టిన మనిషి 1957లో ‘కషిన్’ అనే కథ అచ్చువేసింది. పెళ్ళయిన స్త్రీ తన శరీరం కోరేదాన్ని తనే చెప్పుకునే కథ. విమర్శకులు బూతు అన్నారు. ‘గర్భాశయ రచయిత్రి’ అని ముద్ర వేశారు. ఆ తర్వాత దాదాపు ఐదేళ్ళు పేరున్న సాహిత్య పత్రికలేవీ ఆవిడ కథ వేసుకోలేదు. అదే పని మగ రచయిత చేస్తే ధైర్యం అనేవారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ మూసిన తలుపుల కాలంలోనే ఆవిడ జీవితకథల వైపు తిరిగింది. మొదట తమురా తోషికో. ఒకప్పుడు వెలిగిపోయిన నవలా రచయిత్రి. అన్నీ వదిలి 1918లో కెనడాలోని వాంకూవర్ వెళ్ళిపోయి, చివరికి 1945లో షాంఘైలో చనిపోయింది. జపాన్ ఆమెను దాదాపు మరిచిపోయింది. సెతౌచి ఆమె జాడలు వెతికి పుస్తకం రాస్తే, 1961లో తమురా తోషికో పేరున పెట్టిన బహుమతి మొట్టమొదట దానికే వచ్చింది. తర్వాత ఒకమోతో కనోకో. భర్త ఒప్పుకోలుతో ప్రేమికులతో ఒకే ఇంట్లో బతికిన కవయిత్రి, బౌద్ధం లోతుగా చదువుకున్న మనిషి. 1970 ఒసాకా ఎక్స్‌పోలో ‘సూర్య గోపురం’ కట్టిన ఒకమోతో తరో ఆమె కొడుకు. తర్వాత నోయే. తర్వాత కన్నో సుగ. ఈ పేర్లు వరసగా పెట్టి చూడండి. తిట్లు తిన్న స్త్రీలు, చెడ్డపేరు కిందే పాతిపెట్టేసిన స్త్రీలు. తనను తిట్టినవాళ్ళకు సెతౌచి ఇచ్చిన జవాబు ఈ పుస్తకాలే అని నేను నమ్ముతాను.

ఇప్పుడు మీ ఖాళీల సంగతి. నోయే పుస్తకం ఎలా మొదలైందో మళ్ళీ చూడండి. 1916లో కాదు. రచయిత్రి తనే ఫుకుఓకా వెళ్ళి నోయే పెద్దకూతురు మాకోను కలవడంతో మొదలవుతుంది. అంటే పాఠకుడికి ముందే చెప్పేస్తోంది: ఇదిగో నేను, ఇదిగో నేను వెళ్ళిన ఊరు, వీళ్ళ నోటి నుంచి విన్నాను అని. ఆ తర్వాత గదిలోకి తీసుకెళ్ళి మాటలు వినిపించినా మనం మోసపోయామనిపించదు, ఎవరి కళ్ళతో చూస్తున్నామో తెలుసు కాబట్టి. ఇక కన్నో సుగ కథ, 1970లో వచ్చిన ‘దూరపు గొంతు’, పూర్తిగా వేరు. జపాన్ చక్రవర్తిని చంపడానికి కుట్ర పన్నారన్న కేసులో 1911 జనవరి 24న పదకొండుమంది మగవాళ్ళను ఉరితీశారు. మర్నాడు సుగను. ఆమెకు 29 ఏళ్ళు. ఆ పుస్తకంలో సెతౌచి పూర్తిగా పక్కకు తప్పుకుని, సుగ చేతే ‘నేను’ అని మాట్లాడించింది. అంత చొరవ ఎలా తీసుకుంది? సుగ జైల్లో ఆఖరి రోజుల్లో రాసుకున్న డైరీ మిగిలింది కాబట్టి. గొంతు దొరికాకే ఆ గొంతుతో మాట్లాడింది.

మీ టీచరమ్మ ఉత్తరాల్లో ఆవిడ గొంతు వినిపిస్తోందా? వినిపిస్తే కొంత స్వేచ్ఛ తీసుకోండి. అవి పొడిపొడి ఉత్తరాలైతే మీరే కథలోకి రండి, ఆ పెద్దవాళ్ళ గుమ్మాలు ఎక్కడం కూడా రాయండి.

పశ్చాత్తాపం గురించి: ప్రేమించినందుకు ఆవిడ ఎప్పుడూ క్షమాపణ అడగలేదు. కూతుర్ని వదిలేయడం ఒక్కటే తన జీవితంలో తీరని తప్పు అని మాత్రం బహిరంగంగా చాలాసార్లు అన్నారు. 1973 నవంబరు 14న హిరాయిజుమిలోని చూసోంజి ఆలయంలో దీక్ష తీసుకున్నారు. జకుచో అనే పేరు ఇచ్చిన గురువు కోన్ తోకో కూడా నవలా రచయితే. దీక్ష తర్వాత కలం పక్కన పెట్టారా అంటే అదీ లేదు. వెయ్యేళ్ళ నాటి నవల ‘గెంజి మోనొగతారి’ని ఇప్పటి జపనీస్‌లోకి పది సంపుటాలుగా తెచ్చింది 1996-98లో, డెబ్బై దాటాక. 2012లో అణువిద్యుత్ కేంద్రం మళ్ళీ తెరవొద్దని నిరాహారదీక్షకు కూర్చున్నప్పుడు ఆవిడకు 89 ఏళ్ళు. ఇది లోకం విడిచి పారిపోయిన మనిషి బతుకు కాదు.

జవాబు – పాత పత్రికలు

పై జవాబు బాగుంది, ఒక్కచోట విభేదిస్తాను. నోయే పుస్తకంలో ప్రేమల బరువు ఎక్కువైపోయింది. నోయే పెళ్ళాడిన త్సుజి జున్ అనే మాస్టారు, తర్వాత ఓసుగి, మధ్యలో కమిచిక ఇచికో. వీళ్ళ మధ్యనే కథ తిరుగుతుంది. నోయే 1915లో, ఇరవై ఏళ్ళకే, సెయితో సంపాదకత్వం తీసుకుంది. గర్భస్రావం మీద, వేశ్యావృత్తి మీద ఆ పత్రికలో పెద్ద వాదాలు నడిచాయి, అందులో ఆమె ముందుంది. ఆ ఆలోచించే నోయే పుస్తకంలో నాకు తగినంత కనిపించలేదు.

పైగా కథ హయామా కత్తిపోటు దగ్గరే ఆగిపోతుంది. ప్రశ్న అడిగినవారు గమనించే ఉంటారు. అసలు ఘోరం తర్వాత జరిగింది. 1923 సెప్టెంబరు 1న కాంతో భూకంపం. 16న మిలిటరీ పోలీసు అధికారి అమకాసు మసహికో మనుషులు నోయేనీ, ఓసుగినీ, వాళ్ళతో ఉన్న ఆరేళ్ళ మేనల్లుణ్ణీ పట్టుకెళ్ళి చంపేశారు. నోయేకి 28 ఏళ్ళు. అమకాసుకు పదేళ్ళ శిక్ష పడింది, మూడేళ్ళు తిరక్కుండానే బయటికొచ్చాడు. తర్వాత మంచూరియాలో సినిమా కంపెనీకే అధిపతి అయ్యాడు.

జవాబు – ఒసాకా నుంచి

వాదాల గురించి మీరన్నది నిజం. ఆ భాగం ఇంకా ఉండాల్సింది, ఒప్పుకుంటాను. అయితే 1965 నాటి పాఠకులకు నోయే అంటే మొగుణ్ణీ పిల్లల్నీ వదిలేసిన ఆడది, అంతే. ఆ మాటనే ఎదురుగా పెట్టుకుని, ఎందుకు వదిలిందో లోపల్నుంచి చూపించకపోతే ఆమె ఆలోచనల దాకా వచ్చేవాళ్ళు ఎవరు? పిల్లను వదిలిన బాధ తెలిసిన మనిషి కాబట్టే సెతౌచి ఆ చోట తొందరపడలేదు. నాకు ఆ పేజీలే అన్నిటికన్నా విలువైనవి.

హత్యల దాకా కథను ఆవిడే పూర్తి చేసింది, 1984లో, సన్యాసిని అయ్యాక. ‘సామరస్యం అబద్ధం’ అని పేరు. మొదటి పుస్తకం పేరూ దీని పేరూ రెండూ ఓసుగి మాటల్లోంచి తీసుకున్నవే.

ప్రశ్న అడిగినవారు – వేపచెట్టు వీధి

ఇద్దరికీ దండాలండీ. ఉత్తరాలు మళ్ళీ తీసి చూశాను. ఎక్కువ భాగం జీతం రాలేదనీ, బెంచీలు కావాలనీ పై ఆఫీసుకు రాసినవే. ఒక్కటి మాత్రం చెల్లెలికి రాసింది, అందులో ఆవిడ కోపం వినిపిస్తోంది. ఆ ఒక్కదాని మీద ‘నేను’ అని పుస్తకమంతా నడపడం అన్యాయమనిపిస్తోంది. నేనే కథలోకి వస్తాను. ఆ కోపం ఉత్తరాన్ని మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా పూర్తిగా వేస్తాను.

సెతౌచి సొంత జీవితానికి దగ్గరగా ఉన్నది ఏదైనా ఇంగ్లీషులో దొరుకుతుందా?

జవాబు – ఒసాకా నుంచి

‘ది ఎండ్ ఆఫ్ సమ్మర్’, జనీన్ బైక్‌మన్ అనువాదం. 1963లో ఆవిడకు మహిళా సాహిత్య బహుమతి తెచ్చిన పుస్తకం. పెళ్ళయిన పెద్ద వయసు రచయితకూ, కుర్ర ప్రేమికుడికీ మధ్య నలిగిన స్త్రీ కథ. చాలావరకు ఆవిడ బతుకే. చిన్న పుస్తకం, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

చెల్లెలి పిల్లలు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఒక ఉత్తరం దాచినవాళ్ళ ఇంట్లో ఇంకో రెండు ఉండొచ్చు.