నిరాశ్రయుల వసతి గృహం బస్టాండు దగ్గరే ఉండాలా, ఊరి వెలుపల ఉండాలా?

దర్గామిట్ట వాసి, నెల్లూరు:

రాత్రిపూట ఆత్మకూరు బస్టాండు, మద్రాసు బస్టాండు, రైల్వేస్టేషన్ ప్రాంతాల్లో భోజనం పొట్లాలు పంచే మా మిత్రబృందంలో ఒక విషయం మీద అభిప్రాయభేదం వచ్చింది. ఐదు రూపాయల అన్న క్యాంటీన్లు తిరిగి తెరిచాక పగటి ఆకలికి కొంత ఆసరా దొరికింది కనుక, ఇకమీదట పొట్లాలతో ఆగిపోకుండా, రోడ్డు పక్కన పడుకునేవారికి వసతి గృహాలు కావాలని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాలని అందరం ఒప్పుకున్నాం. వాటిని ఎక్కడ కట్టమని అడగాలన్న దగ్గరే పేచీ వచ్చింది. స్థలం తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి బైపాసు అవతల అడుగుదామని కొందరు అంటున్నారు. బస్టాండు నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఉండాలని నావంటి మరికొందరి పట్టు.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక తోపుడుబండి కార్మికుడు బండి చక్రానికి గొలుసు వేసి, దాని కొసను తన చీలమండకు చుట్టుకుని పడుకుంటాడు. తెల్లవారుజామున కూరగాయల లారీలు వచ్చే వేళకు ఆయన మార్కెట్టులో లేకపోతే ఆ రోజు బేరం పోయినట్టే. అటువంటి మనిషికి ఊరి బయట మంచం, పరుపు, ఫ్యాను అమర్చిపెట్టినా బండిని వదిలి రాడు, రాలేడు. ఆ తర్వాత ‘వసతి ఇచ్చినా రారు, వాళ్ళకు రోడ్డే ఇష్టం’ అనే నింద మాత్రం మిగులుతుంది. పట్టణ పేదల కోసం కేంద్రం 2013లో మొదలుపెట్టిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ అనే పథకం మార్గదర్శకాలు కూడా ఇటువంటి గృహాలు బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, టోకు మార్కెట్ల చేరువలో ఉండాలనీ, ప్రతి లక్ష జనాభాకు నూరుమందికి చోటు ఉండాలనీ చెప్పాయి. 2011 నాటికే నెల్లూరు జనాభా సుమారు ఐదు లక్షలు కాబట్టి, ఆ లెక్కన మనం కనీసం ఐదు వందల మందికి చోటు అడగాలి.

స్టోన్‌హౌస్‌పేట వర్తకుడు:

దర్గామిట్ట వారి ఆవేదన అర్థమైంది, కానీ ఏళ్ళ తరబడి దుకాణం నడుపుతున్నవాడిగా నా మాట కూడా వినండి. ఉదయం షట్టరు ఎత్తేముందు అరుగు కడుక్కోవడంతో నా రోజు మొదలవుతుంది. అరుగు మీద పడుకునేవారిని నేను ఏనాడూ లేపి పంపలేదు, వాళ్ళలో చాలామంది కష్టపడి బతికేవాళ్ళేనని నాకు తెలుసు. అయితే తాగి గొడవపడేవారు ఇద్దరున్నా చాలు, వీధిలో ఆడవాళ్ళు నడవడానికి జంకుతారు. వందమందిని ఒకేచోట చేర్చి ఆ భవనాన్ని మార్కెట్టు నడిబొడ్డున పెడితే, దాని మరుగుదొడ్లు ఎవరు కడుగుతారు, రాత్రి కాపలా ఎవరిస్తారు? మీరు చెప్పిన మిషన్ గడువు 2024లోనే ముగిసింది. ప్రారంభోత్సవం నాడు ఉండే ఉత్సాహం నిర్వహణ ఖర్చులకు బిల్లులు పెట్టే నాడు ఉండదు. ఆరునెలల్లో తాళం పడే భవనం పక్కన వ్యాపారం చేయాల్సింది మేమే.

ఒంగోలు ఉపాధ్యాయురాలు:

ఇంతవరకు జరిగిన చర్చ అంతా మగవాళ్ళ గురించే ఉంది. మా ఊళ్ళో బస్టాండు, రైల్వేస్టేషన్ పరిసరాల్లో ఉండే ఒంటరి స్త్రీలు రాత్రి పడుకోరు. దీపం బాగా వెలిగే చోటు చూసుకుని, సంచీ ఒడిలో పెట్టుకుని, కూర్చునే తెల్లవారుస్తారు. వాళ్ళు కన్ను మూసేది మధ్యాహ్నం, నలుగురూ తిరిగే వేళలో. కాబట్టి రాత్రి ఎనిమిదికి తెరిచి ఉదయం ఆరింటికి బయటికి పంపే గృహం ఎక్కడ కట్టినా వాళ్ళకు పనికిరాదు. బస్టాండు పక్కనే అని పట్టుబట్టేవారు అక్కడి మద్యం దుకాణాలను కూడా దృష్టిలో పెట్టుకోవాలి. స్త్రీలకు వేరే భవనం, అదీ కొంచెం లోపలి వీధిలో, రేయింబవళ్ళు తెరిచి ఉండేట్టుగా, సంచీ దాచుకోవడానికి తాళం వేసుకునే అర ఉండేట్టుగా అడగండి.

కావలి నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడినవాడు:

ఊరి బయటా, ఊరి లోపలా అన్న ప్రశ్న కొత్తది కాదు. 1981లో బొంబాయిలో కాలిబాటల మీద ఉండేవారిని ఖాళీ చేయించాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని 1985 జూలైలో, పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్ వేసిన కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. పని దగ్గర్లో ఉండటం వల్లనే, రానుపోను ఖర్చూ సమయమూ భరించలేకనే పేదలు కాలిబాటను ఎంచుకుంటున్నారని ఆ తీర్పులోనే ఉంది. అయినా వానాకాలం వెళ్ళాక ఖాళీ చేయించవచ్చని అదే ధర్మాసనం అనుమతించింది. అందుకే ఒక్క తీర్పును నమ్ముకుని కూర్చోకూడదని నేనంటాను. ఆ ఏడాదే బొంబాయిలో స్పార్క్ అనే సంస్థ, కాలిబాటల మీద బతికే స్త్రీలతో కలిసి, అక్కడి కుటుంబాలను లెక్కించింది. వాళ్ళంతా నగరానికి పనిచేసిపెట్టే కూలిజనమేనని ఆ లెక్క చూపించింది. మహిళా మిలన్ అనే ఆ స్త్రీల సంఘం ఆ కృషిలోంచే పుట్టింది. వాళ్ళ తరఫున మాట్లాడేవారికన్నా వాళ్ళే మాట్లాడటం ఎంత బలమో అక్కడ తేలింది.

ఢిల్లీ సంగతీ అంతే. 2009 డిసెంబరు చలిలో పూసా రోడ్డు దగ్గరున్న తాత్కాలిక ఆశ్రయాన్ని తొలగించినప్పుడు కింది స్థాయి సంఘాలు గొంతెత్తాయి కనుకనే 2010 జనవరిలో న్యాయస్థానాలు జోక్యం చేసుకున్నాయి. ఐదు లక్షలు దాటిన నగరాలన్నిటిలో, లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా నడిచే ఆశ్రయాలు ఉండాలన్న సుప్రీంకోర్టు ఆదేశాలు ఆ తర్వాత వచ్చినవే.

వర్తకుడు గారి భయం సహేతుకమైనది, దాన్ని తోసిపుచ్చకండి. ఇక్కడ చెన్నైలో వృద్ధులకు, స్త్రీలకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి, ప్రభుత్వాసుపత్రుల్లో రోగుల వెంట వచ్చినవారికి వేరువేరుగా చిన్న చిన్న గృహాలు నడుపుతున్నారు. మన పాత ప్రకాశం జిల్లా పశ్చిమ మండలాల నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో కూలికి వెళ్ళినవాళ్ళ అవసరం వేరు, పిల్లలు వదిలేసిన ముసలమ్మ అవసరం వేరు. వందమందికి ఒక భవనం బదులు పాతికమందికి నాలుగు చోట్ల అడిగితే వీధికీ భారం కాదు, లోపల ఉండేవారికీ మర్యాద.

ఇంకొక్క మాట. 2011 జనగణన ఫిబ్రవరి 28 రాత్రి దేశంలో ఇల్లులేనివారిని 17.7 లక్షల మందిగా లెక్కించింది. ఆ ఒక్క రాత్రి కంటపడనివారు ఆ లెక్కలో లేరు. అర్జీకి ముందు మీ ఊళ్ళో మీరే లెక్క తీయండి. తర్వాత ఓటు నమోదు చేయించండి. ఇంటి చిరునామా రుజువు లేకపోయినా, ఓటరు నమోదు దరఖాస్తు అయిన ఫారం 6లో రాసిన చోటే ఆ మనిషి నిద్రిస్తున్నాడో లేదో బూత్ స్థాయి అధికారి రాత్రివేళ ఒకటికి మించిన సార్లు వచ్చి చూసి నమోదు చేసే వీలు ఎన్నికల సంఘం నిబంధనల్లో ఉంది. ఓటున్నవాడి మాట వార్డులో వేరుగా వినిపిస్తుంది.

స్టోన్‌హౌస్‌పేట వర్తకుడు:

పాతికమందికైతే నా అభ్యంతరం చాలావరకు సడలుతుంది. నిర్వహణ సంగతిలో మాత్రం నేను మెత్తబడను. రోజూ శుభ్రం చేసేదెవరు, ఆ జీతం ఏ పద్దు కింద వస్తుంది అన్నది అర్జీలో స్పష్టంగా రాయాలి. ఆ వీధి దుకాణదారుల్లో ఒకరికి, లోపల ఉండేవారిలో ఇద్దరికి పర్యవేక్షణ సంఘంలో చోటివ్వాలి. అది లేకుండా నా సంతకం అడగకండి.

దర్గామిట్ట వాసి, నెల్లూరు:

మీ షరతు న్యాయమైనది, అర్జీలో మొదటి అంశంగా దాన్నే రాస్తున్నాను. స్త్రీలకు విడి భవనం, పగలు కూడా తెరిచి ఉంచడం, సంచులకు అరలు, తోపుడుబండ్లు నిలుపుకునే ఆవరణ ఆ తర్వాత వస్తాయి. స్థలం పేరు మాత్రం ఇప్పుడే రాయను. వచ్చే శనివారం రాత్రి పదకొండు గంటలకు మద్రాసు బస్టాండు నుంచి లెక్క మొదలుపెట్టి, గృహం ఎక్కడ కడితే వస్తారో ప్రతి ఒక్కరినీ అడిగి, ఆ జవాబులను బట్టి నింపుతాను. వర్తకుడు గారూ, మీ వీధి వరకైనా మాతో నడవండి. ఆ అరుగుల మీద పడుకునేవాళ్ళకు మీ ముఖం తెలుసు, మా ముఖాలు తెలియవు.